ట్రిక్ షాట్లను టీవీ కొలతకు కోయకండి

సంపాదకుల వారికి,

పాత జానపద, పౌరాణిక చిత్రాల ప్రస్తావన వస్తే చాలు, మన పత్రికల్లో పింగళి నాగేంద్రరావు గారి మాటలే మళ్లీ మళ్లీ అచ్చవుతాయి. అస్మదీయులు, తస్మదీయులు, వీరతాళ్లు. అవి అంతటివే, కాదనం. కానీ తెలుగు అంతంతమాత్రంగా వచ్చే పిల్లలు కూడా 'మాయాబజార్' (1957) ముందు కదలకుండా కూర్చుంటారంటే, అది ఆ మాటల వల్ల కాదు. వాళ్లను పట్టి ఉంచేది లడ్డూలు తమంతట తాము లేచి ఎస్వీ రంగారావు నోట్లోకి వెళ్లడం, శశిరేఖ ఉన్నట్టుండి మగరాక్షసుడిలా అడుగులు వేయడం. దర్శకుడు కె.వి. రెడ్డి, ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్ట్‌లే ఆ చోట్లను కంటికే వదిలేశారు. ఈ ఉత్తరం ఆ చోట్ల గురించే. ఎందుకంటే ఈ రోజుల్లో టీవీలోనూ ఆన్‌లైన్‌లోనూ పాత సినిమా వేసేటప్పుడు అన్నిటికన్నా ఎక్కువగా పాడవుతున్నవి ఇవే.

అసలు కెమెరా మాయతో తీసే ట్రిక్ షాట్‌లో మాట ఎందుకు ఉండదో ముందు చూద్దాం. దాన్ని దర్శకుడి అభిరుచి అనుకుంటారు చాలామంది. సగం మాత్రమే నిజం. మిగతా సగం కెమెరా పెట్టిన షరతు.

మనిషి మాయమై ఇంకో మనిషి ప్రత్యక్షమయ్యే షాట్ తీసుకోండి. కెమెరా కాళ్లు నేలకు బిగించాలి. నటుడు నిలుచున్నవాడు నిలుచున్నట్టే బిగుసుకుపోవాలి. కెమెరా ఆపి, మనిషిని మార్చి, మళ్లీ నడపాలి. చెప్పడానికి తేలికే. అయితే కెమెరా ఆగేటప్పుడూ మొదలయ్యేటప్పుడూ మోటారు వేగం పడిపోతుంది, షట్టర్ మామూలుకన్నా ఎక్కువసేపు తెరుచుకుని ఉంటుంది, ఆ కాసిని ఫ్రేములు వెలుగెక్కువై తెల్లబారతాయి. వాటిని కోసేసి రెండు కొసలూ అతికించాలి. ఫ్రాన్సులో తొలినాళ్ల దర్శకుడు జార్జ్ మెలియెస్ 1890ల చివరి నుంచీ చేసింది ఇదే. కెమెరా ఆపి ఊరుకోలేదాయన, ప్రతి మాయనూ కత్తెరతో సరిచేశాడు. ఇప్పుడు ఆ నటుడు మాట మధ్యలో ఉన్నాడనుకోండి. అతుకు దగ్గర పెదవి ఎగిరిపడుతుంది, మాట తెగుతుంది, మాయ బయటపడుతుంది. అందుకే మాయ జరిగే క్షణంలో అందరూ నోరు మూసుకుని ఉంటారు.

వస్తువు ఎగిరి వచ్చి చేతిలో పడటం, ఆరిన దీపం దానంతటదే వెలగడం లాంటివాటికి వెనక్కి తీసే పద్ధతి ఉంది. చేతిలోంచి జారవిడిచిన వస్తువును తీసి, బొమ్మను తిరగేసి చూపిస్తారు. వెనక్కి నడవని కెమెరా అయితే దాన్ని తలకిందులుగా బిగించి తీసి, ఆ ముక్కను చివర నుంచి మొదటికి తిప్పి అతికిస్తే సరిపోతుంది. నటుడు మాత్రం అన్నీ తిరగేసి చేయాలి. ఆశ్చర్యపడిన ముఖంతో మొదలుపెట్టి మామూలు ముఖంతో ముగించాలి. ఇందులో దొంగను పట్టించేవి పొగ, నీళ్లు, పైట చెంగు. పొగ పైనుంచి కిందికి దిగుతుంది, చెంగు గాలికి ముందే లేస్తుంది. వాటిని ఫ్రేములోకి రానివ్వకూడదు. మాట సంగతి చెప్పక్కర్లేదు, వెనక్కి నడిచే నోటికి ఏ మాటా అతకదు. ఫ్రెంచి దర్శకుడు జాన్ కాక్టో 1946లో తీసిన 'బ్యూటీ అండ్ ది బీస్ట్'లో గోడల్లోంచి చేతులు పొడుచుకొచ్చి దీపాలు పట్టుకునే కోట నడవా ఉంది. మనిషి అడుగు వేసేకొద్దీ కొవ్వొత్తులు ఒక్కొక్కటే వెలుగుతాయి. నిజానికి అవి ఆరిపోతుండగా తీసి తిప్పినవి. అదే సినిమాలో నాయిక నడవకుండా జారిపోతున్నట్టు కనిపించే చోట ఆమెను చక్రాల పలక మీద నిలబెట్టి లాగారు. అక్కడా మాట లేదు. ఆ నడవా దాటేసరికి కోట సంగతంతా మనకు తెలిసిపోతుంది.

ఒకే మనిషి నలుగురైదుగురుగా కనిపించే షాట్ ఇంకా కష్టం. 'జగదేకవీరుని కథ' (1961)లో 'శివశంకరీ' పాట గుర్తు చేసుకోండి, ఎన్టీఆర్ ఒక్కరే ఐదుగురై పాడుతూ వాయిస్తూ కనిపిస్తారు. ఇలాంటి షాట్‌కు పాత పద్ధతి ఏమిటంటే, లెన్సు ముందు నల్లని మాస్క్ పెట్టి ఫ్రేములో ఒక భాగాన్నే వెలుగుకు వదలడం, నెగటివ్‌ను అదే ఫ్రేము నంబరుకు వెనక్కి చుట్టడం, మాస్క్ మార్చి మళ్లీ తీయడం. మనిషి తన గడి గీత దాటితే చెయ్యి సగంలో తెగిపోతుంది. ఒక్క లైటు జరిగినా గడుల మధ్య సరిహద్దు కనిపిస్తుంది. ఐదోసారి తప్పు జరిగితే ముందు నాలుగూ బూడిదలో పోసినట్టే. ఇక్కడ ఒక తమాషా ఉంది. పాటైతే ప్లేబ్యాక్ ప్రతిసారీ ఒకే వేగంతో నడుస్తుంది కాబట్టి ఐదుగురి తాళం కలుస్తుంది. మామూలు సంభాషణ అలా కలపడం అసాధ్యం కాదు గానీ, ప్రాణం తీస్తుంది. మన చిత్రాల్లో పెద్ద పెద్ద ట్రిక్కులు అయితే మౌనంలోనో, కాకపోతే పాటలోనో ఎందుకు వస్తాయో దీన్నిబట్టి ఊహించుకోవచ్చు. 'వివాహ భోజనంబు'లో కథ చెప్పేది లడ్డూలే. పాట వాటికి తాళం వేస్తుంది, అంతే.

ఇక మన చిత్రాల్లో ఒకచోట ఆగి చూడవలసింది 'మాయాబజార్'లోని ప్రియదర్శిని పేటిక. ఎవరు మూత తెరిస్తే వారికి ప్రాణప్రదమైనది అందులో కనిపిస్తుంది. శశిరేఖకు అభిమన్యుడు. రేవతికి నగలు. బలరాముడికి దుర్యోధనుడు. ఆ మూడు బొమ్మలతోనే మిగతా కథకు పునాది పడిపోయింది, పెళ్లి ఎందుకు తప్పుతుందో, ఎవరు ఎటు మొగ్గుతారో ప్రేక్షకుడికి పాత్రలకన్నా ముందే తెలిసిపోయింది. ఇదే సంగతి సంభాషణలో చెప్పించి ఉంటే మూడు సీన్లు పట్టేది. పైగా బలరాముడి చేత 'నాకు దుర్యోధనుడంటే ప్రాణం' అనిపిస్తే ఎబ్బెట్టుగా ఉండేది.

పెళ్లిపీటల మీద మాయాశశిరేఖ లక్ష్మణకుమారుడి కాలు తొక్కే చోటూ అలాంటిదే. పైన చూస్తే సావిత్రి, కింద తొక్కేది ఘటోత్కచుడి పాదం. నవ్వంతా ఫ్రేము అడుగున ఉంది, రేలంగి ముఖంలో ఉంది.

ఇప్పుడు ఫిర్యాదు. ఆ సినిమాలు 35 మిల్లీమీటర్ల ఫిల్మ్ మీద, ఎత్తు 1 అయితే వెడల్పు 1.37 ఉండే ఫ్రేములో తీసినవి. నేటి టీవీ తెర వెడల్పు 1.78. తెర మొత్తం నిండాలన్న ఒకే ఒక్క కోరికతో కొన్ని చానళ్లు, కొన్ని ఆన్‌లైన్ కాపీలు ఫ్రేము పైనా కిందా కోసేస్తున్నాయి. లెక్క వేయండి. 1.37ను 1.78తో భాగిస్తే 0.77. అంటే ఎత్తులో నూటికి ఇరవైమూడు వంతులు గల్లంతు. ఘటోత్కచుడి కిరీటం పోతుంది, కాళ్లు పోతాయి, కాలు తొక్కే జోకు గంగలో కలుస్తుంది. మిగిలిన అడుగు భాగం మీద స్క్రోలింగు, మూలన లోగో. ఇంకొందరు కోయకుండా అడ్డంగా సాగదీస్తారు. అప్పుడు అందరూ దాదాపు మూడోవంతు లావెక్కుతారు, చందమామ కోడిగుడ్డవుతుంది. 'లాహిరి లాహిరి'లో బార్ట్‌లే వెన్నెలకు ఇంతకన్నా అవమానం ఉండదు.

మనిషిని రాక్షసుడిగా చూపే షాట్లలో కొలతే ప్రాణం. కెమెరాను నేల దగ్గర పెట్టి, ఒకరిని ముందు, ఒకరిని బాగా వెనక నిలబెట్టి, ఇద్దరూ స్పష్టంగా కనిపించేలా లెన్సు కన్నం చిన్నది చేసి, అందుకు తగ్గట్టు లైట్లు పెంచి తీస్తారు. మన కన్ను పైకప్పునూ నేలనూ కొలబద్దగా వాడుకుని ఆ పొడవును నమ్ముతుంది. పైకప్పూ నేలా కోసేశాక మిగిలేది మామూలు మనిషి క్లోజప్.

శుభ్రపరిచే సాఫ్ట్‌వేర్ మరో గండం. గీతలు, దుమ్ము చుక్కలు తీసేసే ప్రోగ్రాం ఒక ఫ్రేములో ఉండి పక్క ఫ్రేములో లేని చిన్న మచ్చను దుమ్ము అనుకుంటుంది. నిప్పురవ్వ, బాణం మొన, వాన చినుకు, మంత్రం వేసినప్పుడు మెరిసే పొడి కూడా సరిగ్గా అలాంటి మచ్చలే. మనిషి దగ్గరుండి ఫ్రేము ఫ్రేముకూ చూసుకోకపోతే మాంత్రికుడు చెయ్యి విదిలిస్తాడు, రవ్వలు మాత్రం రాలవు. దానికి తోడు ఫిల్మ్ రేణువును నున్నగా తుడిచేస్తే, ఆ రేణువులో దాక్కున్న, వస్తువులను ఎగరేసే తీగలు బయటపడతాయి. బయటపడ్డ తీగను కంప్యూటర్‌లో చెరిపేయడం మాకు సమ్మతం కాదు. రేణువును ఉన్నట్టు ఉంచితే తీగ తనంతట తానే దాక్కుంటుంది.

ఇంట్లో జరిగే నష్టం కూడా చిన్నది కాదు. చాలా కొత్త టీవీల్లో కదలికను నునుపు చేసే ఒక సెట్టింగు కొన్నప్పటినుంచీ ఆన్‌లోనే ఉంటుంది. అది రెండు ఫ్రేముల మధ్య లేని ఫ్రేమును తనే పుట్టిస్తుంది. క్రికెట్‌కు పనికొస్తుందేమో. మాయమయ్యే షాట్‌లో మాత్రం మొదటి ఫ్రేములో ముసలివాడు, రెండో ఫ్రేములో యువకుడు ఉంటే, మధ్యలో ఇద్దరినీ కలిపి అలికిన ముద్ద ఒకటి తయారు చేస్తుంది. చటుక్కున జరగవలసింది చటుక్కున జరగదు. చిన్న బొమ్మలను ఫ్రేముకోసారి కాస్త జరిపి తీసే రే హ్యారీహౌసెన్, 1963లో వచ్చిన 'జేసన్ అండ్ ది ఆర్గోనాట్స్' కోసం ఏడు అస్థిపంజరాల కత్తియుద్ధాన్ని రోజుకు సుమారు 13 ఫ్రేముల చొప్పున నాలుగున్నర నెలలు కూర్చుని కదిలించాడు. తెర మీద సెకనుకు 24 ఫ్రేములు కావాలి కాబట్టి ఒక రోజు చాకిరీ అరసెకను పైచిలుకు. ఆ ఎముకల నడకలో ఉన్న తడబాటే వాటి భయం. దాన్ని నునుపు చేసే హక్కు టీవీ కంపెనీకి ఎవరిచ్చారు?

శబ్దం గురించి ఒక్క మాట. మౌనంగా ఉన్న షాట్ మీద కొత్తగా ఢమఢమలు, గాలిహోరు కలిపిన కాపీలు తిరుగుతున్నాయి. లక్ష్మణకుమారుడి కాలు తొక్కినప్పుడు పిడుగు చప్పుడు వేస్తే, నవ్వాల్సింది ఎక్కడో ప్రేక్షకుడికి వేలు పెట్టి చూపించినట్టే. తనంతట తాను కనిపెట్టినవాడి నవ్వు వేరు. కె.వి. రెడ్డి దగ్గర పనిచేసిన సింగీతం శ్రీనివాసరావు 1987లో ఒక్క సంభాషణ లేకుండా 'పుష్పక విమానం' తీశారు. ఆ సినిమా జానపదం కాదు. అయినా మౌనాన్ని నమ్మే ధైర్యం ఆ బడిలో దొరికిందేనని మా అభిప్రాయం.

చేయవలసిన పని పెద్ద ఖర్చుతో కూడింది కాదు. 1920 పిక్సెళ్ల వెడల్పు, 1080 ఎత్తు ఉన్న తెరలో ఈ ఫ్రేము 1480 పిక్సెళ్లలో ఇమిడిపోతుంది. కుడి ఎడమల 220 చొప్పున నల్లగా వదిలేయాలి. అంతే. డిజిటల్ థియేటర్లో 'ఫ్లాట్' అనే తెర కొలత వెడల్పు 1998 పిక్సెళ్లు, అక్కడా బొమ్మ 1480 వెడల్పే, పక్కన నల్ల తెరలు లోపలికి లాక్కుంటే సరి. ఇంట్లో చూసేవారు రిమోట్‌లో బొమ్మ సైజును 'ఒరిజినల్'కు, బొమ్మ సాగి కనిపిస్తే '4:3'కు మార్చి, మోషన్ సెట్టింగు ఆపేయాలి. కానీ చానల్ వాళ్లే కోసి పంపితే రిమోట్ ఏమీ చేయలేదు. రంగులద్దిన కాపీ వేసినా, అసలు నలుపు తెలుపు కాపీని కూడా అందుబాటులో ఉంచాలి. వెన్నెలలోని బూడిద ఛాయలన్నీ ఒకే నీలంలో మునిగిపోయిన కాపీ ఒక్కటే మిగిలితే, తర్వాతి తరానికి బార్ట్‌లే అంటే ఏమిటో తెలియదు.

మీ పత్రికను అడిగేది ఒకటుంది. టీవీ పేజీలో పాత చిత్రాల పేరు పక్కన అసలు నిడివి నిమిషాల్లో వేయండి. 'మాయాబజార్' 184 నిమిషాలు. మన టీవీలో సెకనుకు 24కు బదులు 25 ఫ్రేములు నడుస్తాయి కాబట్టి పూర్తి సినిమా కూడా దాదాపు 177 నిమిషాలకే అయిపోతుంది. ఘంటసాల గొంతు రవ్వంత సన్నబడేదీ అందుకే. ప్రకటనలు తీసేసి లెక్క చూసుకుని అంతకన్నా తక్కువ వస్తే, ఆ కాపీలో ఏదో కోశారని పాఠకుడే పట్టుకుంటాడు. కత్తెర పడేది సాధారణంగా మాట లేని చోటే, అక్కడ 'ఏమీ జరగడం లేదు' అనుకుంటారు గనుక. అలా తగ్గిన నిమిషాలను చానల్‌కు ఉత్తరం రాసి అడిగేవాళ్లకు మీ ఉత్తరాల శీర్షికలో కాస్త చోటివ్వగలరు.

ఇట్లు,
పాత చిత్రాల ప్రదర్శనలు నడిపే కొందరు మిత్రులు,
విజయవాడ