రేడియోగ్రాఫర్ ఇంటర్వ్యూకి వెళ్తున్న అబ్బాయికి

చిరంజీవి చిన్నాకి,

అమ్మ ఆశీస్సులు. హైదరాబాద్ హాస్పిటల్ నుంచి ఇంటర్వ్యూ పిలుపు వచ్చిందన్నావు, చాలా సంతోషం నాన్నా. ఇలాంటివి ఫోన్లో చెప్తే ఈ చెవిన విని ఆ చెవిన వదిలేస్తావు. కాగితం మీదుంటే బస్సులో మళ్లీ ఒకసారి చదువుకుంటావని రాస్తున్నాను.

ముందు ఒకటి గుర్తు పెట్టుకో. రేడియాలజిస్టు (ఫిల్ములు చూసి రిపోర్టు ఇచ్చే డాక్టరు), చీఫ్ టెక్నీషియన్, హెచ్‌ఆర్ ఎన్ని అడిగినా వాళ్లు తేల్చుకోవాలనుకునేది ఒక్కటే. రాత్రి రెండింటికి ఈ అబ్బాయి ఒక్కడే డ్యూటీలో ఉంటే మనం నిశ్చింతగా పడుకోవచ్చా అని. రాంట్‌జెన్ 1895 నవంబర్ 8న ఎక్స్‌రే కనిపెట్టాడని గడగడా చెప్పినందుకు ఉద్యోగం ఇవ్వరు. అడిగితే చెప్పు, అంతే. ఏ జవాబైనా పని జరిగే వరుసలో చెప్పు. పుస్తకంలో పేరాల వరుసలో చెప్పకు.

చాలా చోట్ల నిన్ను ఎక్స్‌రే గదిలోకి తీసుకెళ్లి, స్టాఫ్‌లో ఒకరిని నిలబెట్టి, చెస్ట్ పీఏ, అంటే కిరణం వీపు నుంచి ముందుకి వచ్చే ఛాతీ ఎక్స్‌రే, పొజిషన్ చేసి చూపించమంటారు. వచ్చినవాళ్లలో చాలామంది నేరుగా కన్సోల్ (మెషీన్ నడిపే బల్ల) దగ్గరికి పోయి కెవి (కిలోవోల్టులు, కిరణం చొచ్చుకుపోయే బలం) పెడతారు. నువ్వు ముందు రిక్వెస్ట్ ఫారం అడుగు. పేరు, వయసు, యూహెచ్‌ఐడి (హాస్పిటల్ ఇచ్చే పేషెంటు నంబరు), ఏ పరీక్ష, ఎందుకు రాశారు, ఇవన్నీ చూడు. పేషెంటుని "మీరు లక్ష్మి గారేనా?" అని ఎప్పుడూ అడగకు. జ్వరంతో ఉన్నవాళ్లు, చెవి సరిగ్గా వినపడనివాళ్లు దేనికైనా తలూపేస్తారు. "మీ పేరు చెప్పండి" అని వాళ్ల నోటితోనే చెప్పించి ఫారంతో సరిచూడు. ఈ ఒక్కటి చూసి నీకు మార్కులు వేసే చీఫ్ టెక్నీషియన్లు ఉంటారు.

మనిషిని నిలబెట్టకముందే ఎక్స్‌రే ట్యూబ్‌ని డిటెక్టర్‌కి (బొమ్మ పట్టే పలకకి) 180 సెంటీమీటర్ల దూరంలో పెట్టుకో. తర్వాత గౌను వేయించడం, నగలు తీయించడం. జడ ముందుకో వెనక్కో వేలాడితే ఊపిరితిత్తి పై భాగం మీద నీడ పడి మచ్చలా కనిపిస్తుంది, పైకి ముడి వేయించు. తాయెత్తు, పిన్నీసులు, జాకెట్టు హుక్కులు, అన్నీ అడుగు. మంగళసూత్రం తీయడానికి చాలామంది ఒప్పుకోరు, బలవంతం చేయకు. సూత్రాలు ఊపిరితిత్తుల మీద పడకుండా గొలుసుని మెడ దగ్గరికి పైకి జరిపించి, ఎందుకో ఒక్క ముక్కలో చెప్తే చాలు.

ఛాతీ డిటెక్టర్‌కి ఆనించి, గడ్డం పైకెత్తించు. డిటెక్టర్ పై అంచు భుజాలకన్నా సుమారు 5 సెంటీమీటర్లు పైన ఉండాలి. చేతుల వెనక వైపు నడుముకి ఆనించి, మోచేతులు ముందుకి తోయించు. అప్పుడే భుజపుటెముకలు ఊపిరితిత్తుల మీంచి పక్కకి తప్పుకుంటాయి. బరువు రెండు కాళ్ల మీదా సమంగా ఉందో లేదో చూడు, ఒక కాలి మీద వాలితే మనిషి తిరుగుతాడు. కిరణం సెంటరింగ్ టి7 (ఛాతీ వెన్నుపూసల్లో ఏడోది) దగ్గర, అంటే మెడ కింద పొడుచుకొచ్చే వెన్నుపూస నుంచి ఆడవాళ్లకి సుమారు 18, మగవాళ్లకి 20 సెంటీమీటర్లు కిందికి. కిరణం వెడల్పు తగ్గించే కాలిమేటర్‌ని దగ్గరికి తెచ్చేటప్పుడు పైన ఏపెక్స్‌లు (ఊపిరితిత్తుల కొనలు), కింద కాస్టోఫ్రెనిక్ యాంగిల్స్ (కింది మూలలు) కోయకు. ఎడమా కుడా చెప్పే మార్కర్ ఎక్స్‌పోజర్‌కి (కిరణం వదలడానికి) ముందే డిటెక్టర్ మీద పెట్టు. తర్వాత కంప్యూటర్‌లో వేసుకోవచ్చులే అనుకునేవాళ్లే ఎడమ, కుడి తారుమారు చేసేది.

గ్రిడ్‌తో (చెదిరిన కిరణాల్ని ఆపే జాలీతో) అయితే 110 నుంచి 125 కెవి, 2 నుంచి 4 ఎంఎఎస్ (మిల్లీయాంపియర్-సెకన్లు, కిరణాల మోతాదు) చెప్పు. గ్రిడ్ లేకపోతే కెవి తగ్గించాలి. ఎందుకని అడుగుతారు. కెవి పెరిగితే కాంట్రాస్ట్ (నలుపు తెలుపుల తేడా) తగ్గుతుంది, కానీ పక్కటెముకల వెనకా గుండె వెనకా ఉన్న ఊపిరితిత్తి కనిపిస్తుంది. పైగా టైమ్ తక్కువ కాబట్టి గుండె కదలిక వల్ల వచ్చే మసక తగ్గుతుంది. స్కాటర్ (చెదిరిన కిరణాలు) పెరుగుతుంది కాబట్టే గ్రిడ్ కావాలి. ఏపీ (ముందు నుంచి వెనక్కి) కాకుండా పీఏ ఎందుకంటే గుండె ముందువైపు ఉంటుంది. డిటెక్టర్‌కి దగ్గరగా ఉంటే పెద్దదిగా కనిపించదు.

ఊపిరి దగ్గరే ఎక్కువ ఫిల్ములు పాడవుతాయి. "గట్టిగా ఊపిరి పీల్చండి" అంటే పెద్దవాళ్లు భుజాలు ఎగరేస్తారు, కొందరు ఊదేస్తారు కూడా. కన్సోల్ దగ్గరికి వెళ్లకముందే ఒకసారి నువ్వు చేసి చూపించి, వాళ్లతో చేయించు. "గాలి లోపలికి తీసుకోండి, బిగపట్టండి, కదలకండి, ఇక వదలండి." అక్కడ ఉర్దూ, హిందీ మాట్లాడేవాళ్లు ఎక్కువ కాబట్టి "సాస్ లీజియే, రోక్ లీజియే, హిలియే మత్, ఛోడ్ దీజియే" కూడా తడుముకోకుండా రావాలి. స్విచ్ రెండు మెట్లు. మొదటిది ప్రెప్, అది నొక్కగానే ట్యూబ్ లోపలి ఫిలమెంట్ (తీగ) వేడెక్కి ఆనోడ్ (కిరణాలు పుట్టే చక్రం) తిరుగుతుంది, రెండోది ఎక్స్‌పోజర్. మొదటి మెట్టు నొక్కిపట్టుకుని కబుర్లు చెప్తే ఫిలమెంట్ అరిగిపోతుంది. గాలి పీలుస్తుండగా ప్రెప్, బిగపట్టాక ఎక్స్‌పోజర్.

డెమోలో నిజంగా ఎక్స్‌పోజర్ ఇవ్వమంటే మాత్రం ఇవ్వకు. "డాక్టర్ గారి రిక్వెస్ట్ లేకుండా మనిషి మీద ఎక్స్‌పోజర్ ఇవ్వను సార్" అని మర్యాదగా చెప్పు. అది కావాలనే పెట్టే పరీక్ష కూడా కావచ్చు.

తర్వాత ఒక ఫిల్మ్ చూపించి బాగుందా అంటారు. జబ్బు వెతకకు, ఫిల్మ్ నాణ్యత చెప్పు. రెండు క్లావికిల్స్ (మెడ కింది అడ్డ ఎముకలు) లోపలి చివరలూ వెన్నుముల్లు నుంచి సమాన దూరంలో ఉన్నాయా? లేకపోతే మనిషి తిరిగాడు, ఒక ఊపిరితిత్తి నల్లగా కనిపించడానికి అదే కారణం కావచ్చు. వెనక పక్కటెముకలు తొమ్మిదో పదో లెక్కకొస్తున్నాయా? రాకపోతే గాలి చాల్లేదు. గుండె పెద్దదిగా, కింద భాగం మసగ్గా కనిపించి నిమోనియా అనుకునే ప్రమాదం ఉంది. ఏ లోపానికి రిపీట్ చేస్తావో, దేనికి చేయవో కూడా చెప్పు. కాస్టోఫ్రెనిక్ యాంగిల్ తెగిపోతే రిపీట్ చేయాలి. భుజపుటెముక అంచు కొద్దిగా పడినంత మాత్రాన మనిషికి ఇంకో డోసు ఇవ్వక్కర్లేదు.

లెక్కలు రెండే అడుగుతారు. కెవి 15 శాతం పెంచితే ఎంఎఎస్ సగం చేయొచ్చు. 70 కెవి, 20 ఎంఎఎస్ ఉన్నచోట సుమారు 80 కెవి, 10 ఎంఎఎస్. రెండోది దూరం. 100 సెంటీమీటర్ల దగ్గర 2 ఎంఎఎస్ సరిపోతే, అదే కెవికి 180 దగ్గర 1.8ని 1.8తో గుణించి 3.24 రెట్లు, అంటే ఆరున్నర దాకా కావాలి. పోర్టబుల్‌లో (వార్డుకి తోసుకెళ్లే మెషీన్‌లో) మంచం ఎత్తు మారినప్పుడల్లా ఇదే లెక్క.

డిజిటల్ వచ్చాక మనవాళ్లకి పట్టుకున్న ఒక జాడ్యం గురించి తప్పకుండా మాట్లాడు. డోసు తక్కువైతే ఫిల్మ్ ఇసక చల్లినట్టు కనిపిస్తుంది, రేడియాలజిస్టు కోప్పడతాడు. ఎక్కువైతే ఫిల్మ్ ఇంకా అందంగా వస్తుంది, ఎవరూ ఏమీ అనరు. అందుకే నెలలు గడిచేకొద్దీ అందరూ ఎంఎఎస్ పెంచుకుంటూ పోతారు. దాన్ని పట్టుకునేది ఎక్స్‌పోజర్ ఇండెక్స్, అంటే డిటెక్టర్‌కి ఎంత కిరణం అందిందో మెషీన్ చూపించే నంబరు. డీవియేషన్ ఇండెక్స్ (అనుకున్నదానికి ఎంత తేడా) చూపించే మెషీన్లలో 0 అంటే అనుకున్నంత, +3 అంటే రెండింతలు, −3 అంటే సగం. పాత ఫ్యూజీ సీఆర్ (క్యాసెట్‌తో నడిచే డిజిటల్) మెషీన్లలో ఎస్ నంబర్ తిరగేసి ఉంటుంది, డోసు పెరిగితే నంబర్ తగ్గుతుంది. "ప్రతి ఫిల్మ్‌కీ ఆ నంబర్ చూస్తాను" అని నువ్వు చెప్తే, నువ్వు నిజంగా పని చేసినవాడివని వాళ్లకి తెలుస్తుంది.

రేడియేషన్ సేఫ్టీలో ఏఈఆర్‌బీ (అణుశక్తి నియంత్రణ బోర్డు) పరిమితులు నోటికి రావాలి. మనకి ఐదేళ్ల సగటున ఏడాదికి 20 మిల్లీసీవర్ట్‌లు, ఏ ఒక్క ఏడాదిలోనూ 30 దాటకూడదు, ప్రజలకి 1. టిఎల్‌డి (మనకి తగిలిన డోసు కొలిచే) బ్యాడ్జి ఛాతీ దగ్గర, లెడ్ ఏప్రన్ లోపల. డ్యూటీ అయ్యాక ఏప్రన్‌కే తగిలించి గదిలో వదిలేస్తే నువ్వు తినని డోసు నీ పేరు మీద పడుతుంది. ఏప్రన్ మడతపెట్టకూడదు, లోపల లెడ్ చీలుతుంది. హ్యాంగర్‌కి వేలాడదీయాలి, ఏడాదికొకసారైనా ఫ్లోరోస్కోపీ (కదిలే ఎక్స్‌రే) కింద చీలికలు చూడాలి. పిల్లాడిని ఎవరు పట్టుకుంటారని అడిగితే "నేను పట్టుకుంటాను" అనకు. ముందు కట్లు, ఇసక సంచులు. తప్పకపోతే గర్భవతి కాని బంధువు, ఏప్రన్‌తో, బీమ్ బయట. గోనాడ్ షీల్డింగ్ (జననాంగాలకి లెడ్ కప్పడం) మీద రెండు వాదాలున్నాయి. 2019లో అమెరికా వైద్య భౌతికశాస్త్రవేత్తల సంఘం ఏఏపీఎం, అది మామూలుగా ప్రతివారికీ పెట్టడం మానేయమంది. షీల్డ్ జారితే చూడాల్సిన భాగం కప్పేసి రిపీట్ అవుతుంది, ఆటో ఎక్స్‌పోజర్ (డోసు తనే ఆపే) సెన్సర్ మీద పడితే డోసు పెరుగుతుంది. నీకు రెండూ తెలుసనీ, వాళ్ల హాస్పిటల్ ప్రోటోకాల్ పాటిస్తాననీ చెప్పు.

ఇది మాత్రం అమ్మగా కూడా చెప్తున్నాను. ఆడపేషెంట్లతో ఎలా ఉంటావని అడిగినా అడక్కపోయినా నీ మాటల్లో కనపడాలి. ముట్టుకునే ముందు ఎక్కడ, ఎందుకు ముట్టుకుంటావో చెప్పు. ఆడ అటెండర్‌నో సిస్టర్‌నో పిలువు, గౌను ఇవ్వు, తలుపు వెయ్యి. గర్భం సంగతి అత్తగారి ముందు అడగకు. కొత్తగా పెళ్లైన పిల్ల అందరి ముందూ "లేదు" అనే అంటుంది. ఆమెని ఒక్కదాన్నే లోపలికి పిలిచి "ఆఖరిసారి నెలసరి ఎప్పుడు వచ్చింది?" అని తేదీ అడుగు. తేదీ దాటితే నువ్వు నిర్ణయించకు, డాక్టర్‌కి చెప్పు.

రాత్రి డ్యూటీ ప్రశ్నలు తప్పవు. యాక్సిడెంట్ కేసు మెడ కాలర్‌తో వస్తే కాలర్ తీయకుండా, మనిషిని కదపకుండా, అడ్డంగా బీమ్‌తో లేటరల్ (పక్క నుంచి) ఫిల్మ్. సి7 (మెడ చివరి పూస) కింద టి1 (ఛాతీ మొదటి పూస) పై అంచు కనిపించేదాకా అది పూర్తయినట్టు కాదు. భుజాలు అడ్డొస్తే డాక్టర్‌ని అడిగి స్విమ్మర్స్ వ్యూ (ఒక చెయ్యి పైకెత్తి తీసేది). ఫిల్మ్‌లో న్యూమోథొరాక్స్ (ఊపిరితిత్తి చుట్టూ చేరిన గాలి) గుండెని పక్కకి నెట్టేసినట్టు కనిపిస్తే, పేషెంట్‌ని ఒంటరిగా వదిలి, ఫిల్మ్‌ని ప్యాక్స్‌లో (హాస్పిటల్ ఫిల్ముల కంప్యూటర్‌లో) పంపేసి ఊరుకోకు. డ్యూటీ డాక్టర్‌కి ఫోన్, ఆక్సిజన్ ఉన్న చోటికి పేషెంట్. బంధువులు "ఏమైనా ఉందా సార్?" అంటే మాత్రం "రిపోర్టు డాక్టర్ గారు చెప్తారు" అనే మాటే. మెషీన్ ఫైర్ కాకపోతే? తలుపు పూర్తిగా పడిందా, ఎవరైనా ఎమర్జెన్సీ స్టాప్ నొక్కారా, డిటెక్టర్ ఛార్జింగ్, ట్యూబ్ వేడి మెసేజ్, ఇవి చూసి, ఎర్రర్ కోడ్ రాసుకుని ఇంజినీర్‌ని పిలుస్తానని చెప్పు. పేషెంట్‌ని ఇంకో గదికి మార్చడం మర్చిపోకు.

అక్కడ సీటీ ఉందన్నావు కాబట్టి కాంట్రాస్ట్ (రక్తనాళంలోకి ఎక్కించే మందు) సంగతి చూసుకో. అలర్జీ చరిత్ర, క్రియాటినిన్ (కిడ్నీ పరీక్ష), షుగర్ మందు మెట్‌ఫార్మిన్ వాడుతున్నారా అన్నది ముందు. యాంజియోకి (రక్తనాళాల స్కాన్‌కి) మోచేతి మడత దగ్గర 18 లేదా 20 గేజ్ క్యాన్యులా (సూది గొట్టం), సెలైన్ తోసి చూశాకే ఇంజెక్టర్. వాపు వస్తే వెంటనే ఆపు, చెయ్యి పైకెత్తించు, ఐస్ ప్యాక్ పెట్టు, డాక్టర్‌కి చెప్పు. రియాక్షన్ ట్రే ఎక్కడుందో రోజూ షిఫ్ట్ మొదట్లో చూడాలి. అనాఫిలాక్సిస్‌కి (ప్రాణం మీదికొచ్చే అలర్జీకి) పెద్దవాళ్లకి అడ్రినలిన్ 0.5 మిల్లీగ్రాములు, తొడ బయటి వైపు కండలో. వేయమని డాక్టర్ చెప్పేలోపు అది నీ చేతిలో సిద్ధంగా ఉండాలి. ఎంఆర్‌ఐ అడిగితే, మాగ్నెట్ ఎప్పుడూ ఆన్‌లోనే ఉంటుందనీ, లోపల గుండె ఆగితే ముందు పేషెంట్‌ని గది బయటికి లాగి ఆ తర్వాతే సీపీఆర్ అనీ చెప్పు. ఆక్సిజన్ సిలిండర్‌తో పరిగెత్తుకొచ్చేవాళ్లని గుమ్మం దగ్గరే ఆపాలి. అల్ట్రాసౌండ్ గదిలో నిలబెట్టినా 1994 నాటి పీసీపీఎన్‌డీటీ (లింగ నిర్ధారణ నిషేధ) చట్టం నీకూ వర్తిస్తుంది. కడుపులో బిడ్డ ఆడా మగా అన్న సంగతి మాటతో గానీ సైగతో గానీ చెప్పకూడదు.

ఫైల్లో టెన్త్ మెమో, ఇంటర్, డిఎంఐటి (మెడికల్ ఇమేజింగ్ డిప్లొమా) మార్కులు, ప్రొవిజనల్, పారామెడికల్ బోర్డు రిజిస్ట్రేషన్, ఇంటర్న్‌షిప్ సర్టిఫికెట్, అన్నీ ఒరిజినల్స్, రెండు సెట్లు జిరాక్స్. ఇంటర్న్‌షిప్‌లో టిఎల్‌డి ఇచ్చి ఉంటే ఆ నంబరూ డోస్ రిపోర్టూ కూడా పెట్టు, నీ డోసు లెక్క అదే నంబరు మీద కొనసాగాలి. ఇస్త్రీ చొక్కా, మూసిన బూట్లు, కత్తిరించిన గోళ్లు. జీతం మాట వాళ్లెత్తేదాకా ఆగు. ఎత్తాక నైట్ అలవెన్సు, వారానికి ఎన్ని నైట్లు అన్నది స్పష్టంగా అడుగు.

చివర్లో "నీకేమైనా అడగాలని ఉందా?" అంటారు. ఆర్‌ఎస్‌ఓ (రేడియేషన్ సేఫ్టీ ఆఫీసర్) ఎవరు, టిఎల్‌డి బ్యాడ్జి ఎప్పటికి చేతికొస్తుంది, అది వచ్చేదాకా ఏ పని ఇస్తారు, ఈ మూడూ అడుగు. బ్యాడ్జి సంగతి దాటేస్తే ఆ రోజే ఒప్పుకోకుండా ఇంటికి ఫోన్ చెయ్యి, మాట్లాడుకుందాం.

ప్రేమతో,
అమ్మ