వాసవికి, పీటతో పాటు

పెరంబూరు,
ఆదివారం.

చి.ల.సౌ. వాసవికి నాన్న ఆశీస్సులు.

ఇక్కడ అందరం క్షేమం. మీ అమ్మ మోకాలి నొప్పి అలాగే ఉంది, అయినా సాయంత్రం గుడి దాకా నడుస్తోంది. ఫోనుండగా ఉత్తరం ఎందుకని అనుకుంటావేమో. ఫోన్ చేస్తే "బాగున్నాం నాన్నా, మీటింగ్‌లో ఉన్నా, రాత్రికి చేస్తా" అంటావు. రాత్రికి అలిసిపోయి ఉంటావు. కాగితమైతే వీలున్నప్పుడు చదువుకోవచ్చు. శీను శనివారం బెంగుళూరు వస్తున్నాడు. వాడి చేతికి ఈ ఉత్తరం, ఒక పీట ఇస్తున్నాను. పీట సంగతి తర్వాత రాస్తాను.

ఈ మధ్య వీడియో కాల్ చేయడం మానేశావు. ఫోటోలు వస్తున్నాయి, బాగున్నాయి. అన్నిటిలోనూ బాబు తలకి టోపీ ఉంది. జూలైలో అక్కడ జల్లు పడుతూనే ఉంటుంది కదా, చలికి పెట్టి ఉంటావులే అనుకున్నాను.

మొన్న ఆండాళ్ళమ్మగారి మనవరాలి నిశ్చితార్థానికి వెళ్ళాం. వంటలు బాగా చేయించారు. పద్మత్త నా పక్కనే భోజనానికి కూర్చుంది. వైట్‌ఫీల్డ్‌లో ఉన్న వాళ్ళ కోడలు నీ గురించి ఏదో చెప్పిందని మొదలుపెట్టింది. మీ అమ్మ ఎదుటి వరసలోనే ఉంది, అందుకని నేను మాట మార్చేశాను. గోరంతను కొండంత చేయడం పద్మత్తకి అలవాటు. కాబట్టి దాని గురించి రాయను.

నేను రాయాలనుకున్నది మీ ఇంటి సర్దుబాటు గురించి. ఉన్నది ఒక్క పడకగది. మంచం, బీరువా, కిరణ్ ఆఫీసు బల్ల పెట్టాక మనిషి పక్కకి తిరగడానికే చోటు లేదు. బాబుకి గుడ్డలు మార్చడానికీ స్నానానికీ కలిపి ఆ మడతబల్ల ఎందుకు కొన్నావో నాకు అర్థమైంది. ఆపరేషన్ అయిన ఒళ్ళు, వంగితే నడుము పట్టేస్తోందని అన్నావు. నేను తప్పు పట్టడం లేదు. కానీ నువ్వు పంపిన ఫోటో పెద్దది చేసి చూశాను. ఎత్తు మూడడుగులు ఉంటుంది. కాళ్ళకి చక్రాలు, అందులో రెండిటికే బ్రేకు. చుట్టూ అంచు నాలుగు వేళ్ళు కూడా లేదు. బాబుకి ఐదో నెల. ఈ వయసులో పిల్లలు ఏ క్షణాన తిరుగుతారో చెప్పలేం. నిన్నటిదాకా వెల్లకిలా ఉన్నవాడు ఈరోజు నువ్వు క్రీము మూత తీసేలోపు తిరిగేస్తాడు. బోర్లాపడితే బొబ్బట్లు చేస్తానని మీ అమ్మ శనగపప్పు తెప్పించి పెట్టింది. నీ దగ్గర్నుంచి ఇంకా ఆ కబురు రాలేదు. పడ్డాడా?

రైలు పెట్టెలు తయారుచేసే ఐసీఎఫ్‌లో, ఫర్నిషింగ్‌లో పనిచేసినవాణ్ణి, గోడకి మడిచే బల్ల గురించి ఆలోచించకుండా ఉండలేను కదా. 2022లో లక్నో మెయిల్‌లో కింది బెర్తుకి ఆనించి పసిపిల్లల బెర్తు పెట్టారు, గుర్తుందా? బిడ్డ దొర్లకుండా అడ్డు, పట్టీలు, అక్కర్లేనప్పుడు కిందికి మడిచేసే ఏర్పాటు. పేపర్లో వచ్చిన ఆ ఫోటో కత్తిరించి దాచుకున్నాను. అలాంటిదే మీ బాత్‌రూమ్ పక్క గోడకి చేద్దామని బొమ్మ కూడా గీశాను. ఆ గోడ నాలుగంగుళాల బ్లాకు గోడని కిరణ్ చెప్పాడు. బాబు ఏడు కిలోలే ఉండొచ్చు, కానీ తుడిచేటప్పుడు పెద్దవాళ్ళ చేతి బరువంతా బల్ల మీదే పడుతుంది. పైగా అద్దె ఇల్లు, పది నెలల అడ్వాన్సు ఓనరు దగ్గర ఉంది, గోడకి పెద్ద కన్నాలు పెడితే ఊరుకోడు. ఇవన్నీ ఎలాగో సర్దుకున్నా అది మూడడుగుల ఎత్తులో ఉండక తప్పదు. ఆ కాగితం మడిచి పక్కన పెట్టేశాను. నేల మీద ఉన్న బిడ్డ కిందపడడు. చిన్న ఇంట్లో మనకి ఖర్చు లేకుండా దొరికే చోటు కూడా అదే.

నువ్వు పుట్టినప్పుడు మనం సెంబియంలో పోర్షన్‌లో ఉన్నాం. ఒక గది, ఒక వంటిల్లు. నాలుగు పోర్షన్లకీ పెరట్లో ఒకటే బాత్‌రూమ్, పొద్దున్నే దాని ముందు బకెట్ల వరస. అప్పటికి కృష్ణా నీళ్ళు మద్రాసు చేరలేదు, అవి 1996లో కదా వచ్చాయి. చేతిపంపు నీళ్ళు చాలక మెట్రోవాటర్ లారీ కోసం ఎదురుచూసేవాళ్ళం. మీ నాయనమ్మ సూళ్ళూరుపేట నుంచి వచ్చి ఆ బాత్‌రూమ్ చూసింది. పచ్చి బిడ్డని ఇందులోకి తీసుకురానని చెప్పేసింది. వంటింట్లో అంట్లు తోమే మూల, జానెడు గట్టు, తూము ఉండేవి చూడు, దాన్నే రుద్ది కడిగి నీ స్నానానికి సిద్ధం చేసింది. మూడడుగుల చోటు కూడా ఉండదు. పీట మీద కూర్చుని కాళ్ళు చాపి నిన్ను కాళ్ళ మీద వేసుకునేది. ముందే చన్నీళ్ళలో వేణ్ణీళ్ళు కలిపి మోచేత్తో చూసుకుని, మరిగిన నీళ్ళ గిన్నె మీ అమ్మ చేత గట్టు అవతలికి తీయించాకే నిన్ను ఎత్తుకునేది. చెంబు, పెసరపిండి కుడిచేతికి అందేలా ఉండేవి. ఎడమ పక్క గోడకి ఒక మేకు, దానికి తాతయ్య పాత పంచె ముక్క. ఎడమ చెయ్యి మాత్రం నీ మీంచి తీసేది కాదు.

ఒకరోజు నీకు నీళ్ళు పోస్తుండగా వీధిలో "తణ్ణి లారీ" అని కేక వినబడింది. నేను డ్యూటీలో ఉన్నాను, ఇదంతా మీ అమ్మ చెప్పగా విన్నదే. ఆ లారీ పోతే మళ్ళీ ఎప్పుడొస్తుందో తెలీదు. మీ అమ్మ బిందెలు అందుకుని పరిగెత్తింది. ఆ తొందరలో మేకుకున్న పంచె ముక్కని చుట్టకుదురు కోసం లాక్కుని పోయింది. నీ తల తడిగా ఉంది, తుడవడానికి గుడ్డ లేదు. పక్క గదిలో దండెం మీద తువ్వాళ్ళున్నాయి, నాలుగంగల్లో తెచ్చుకోవచ్చు. నిన్ను గట్టు పక్కన పడుకోబెట్టి వెళ్ళొస్తే ఏమవుతుందని ఎవరైనా అనుకుంటారు. నాయనమ్మ లేవలేదు. కొంగు పొడిగా ఉన్నంత మేరా నీకు చుట్టి, గుండెలకి ఆనించుకుని, తడి చీరతో అలాగే కూర్చుంది. లారీ దగ్గర మూడో పోర్షన్ రుక్మిణమ్మకీ ఎదురింటివాళ్ళకీ వరస గురించి గొడవ జరిగి మీ అమ్మ రావడం ఆలస్యమైంది. వచ్చేసరికి నువ్వు నిద్రపోయావు. నాయనమ్మకి కాళ్ళు తిమ్మిరెక్కి లేవలేకపోయింది. మీ అమ్మ ఏడవబోతే "బిందెలు నిండాయా" అని మాత్రం అడిగిందట. ఆ సాయంత్రం నా చేత పక్కనే ఇంకో మేకు కొట్టించింది. దాని మీద ఎప్పుడూ రెండో గుడ్డ ఉండేది. ఆ గుడ్డ జోలికి ఎవరినీ పోనిచ్చేది కాదు, నన్ను కూడా.

మీ ఇంట్లో ఆ రెండో మేకు ఎక్కడుందో చూసుకో. మంచానికీ బీరువాకీ మధ్య ఆ కాస్త చోటు ఉంది కదా, అక్కడ చాప, దాని మీద పాత దుప్పటి మడత, పైన రబ్బరు షీటు పరుచు. పని అయ్యాక చుట్టి మంచం కిందికి తోసేయొచ్చు. బీరువా తలుపు లోపలివైపు జేబుల సంచి ఒకటి తగిలించు. గుడ్డలు, డైపర్లు, దూది, క్రీము, మార్చే చొక్కా, పాత పేపరు, అన్నీ దాన్లోనే. నేల మీద కూర్చున్న మనిషి చేతికి అందేలా కట్టు, నిలబడిన మనిషికి అందేలా కాదు. డైపరు విప్పాక ఏదీ గుర్తుకు రాకూడదు. గుర్తొచ్చినా లేవొద్దు, కిరణ్‌ని పిలు. అతను లేకపోతే బాబుని ఎత్తుకునే వెళ్ళు, ఒళ్ళు ఎంత పాడైనా సరే. చంటిపిల్లలకి పౌడరు అక్కర్లేదు, ఆ పొడి ఊపిరితిత్తుల్లోకి పోతుంది. మెత్తగా అద్ది, కాసేపు గాలికి వదిలి, ఎర్రబడితే జింకు ఉన్న క్రీము రాస్తే చాలు. రాత్రిపూట పెద్ద లైటు వేస్తే బాబు పూర్తిగా లేస్తాడు, మూలన చిన్న దీపం పెట్టుకో. రాత్రి డైపరు పని కిరణ్‌కి అప్పజెప్పు. అతను చేస్తాడు, మంచివాడు.

కావేరి ఐదో దశ నీళ్ళు 2024 అక్టోబరులో మొదలయ్యాయని చదివాను. మీ అపార్ట్‌మెంటుకి కనెక్షన్ వచ్చిందా, ఇంకా బోరు, ట్యాంకరేనా? బోరు నీళ్ళలో సున్నం ఎక్కువ, సబ్బు నురగ రాదు, రాసినది సరిగా పోదు. కాబట్టి బాబుకి సబ్బు తక్కువ రాయి. ప్రతిరోజూ తలంటక్కర్లేదని, వారానికి మూడు స్నానాలు చాలని డాక్టర్లు అంటున్నారు. మీ అమ్మ ఒప్పుకోదు, ఆవిడకి చెప్పకు.

మీ మేడ మీద సోలార్ ఉంది కదా. ముందు గొట్టంలో చల్లటి నీళ్ళు వచ్చి, ఆ తర్వాత ఒక్కసారిగా మరిగినట్టు వస్తాయి. మధ్యాహ్నం మరీ ఎక్కువ. అరవై డిగ్రీల నీళ్ళు పసి చర్మాన్ని క్షణాల్లో కాలుస్తాయి. టబ్బులో ముందు చన్నీళ్ళు, తర్వాత వేణ్ణీళ్ళు పోసి, బాగా కలిపి, మోచెయ్యి పెట్టి చూడు. ముప్ఫై ఏడు, ముప్ఫై ఎనిమిది డిగ్రీలు, అంటే చేతికి వేడీ కాదు చల్లనా కాదు అన్నట్టు ఉండాలి. బాబు టబ్బులో ఉండగా కుళాయి తిప్పొద్దు. నీళ్ళు మూడు వేళ్ళ లోతు చాలు. ఆ మూడు వేళ్ళ నీళ్ళు కూడా పసివాడికి ప్రమాదమే, కాబట్టి కాలింగ్ బెల్ మోగినా డెలివరీవాడు అరిచినా వాణ్ణి వదిలి కదలొద్దు. నీళ్ళ కరువుకి భయపడి బాత్‌రూమ్‌లో బకెట్లు నింపి ఉంచుతారు మీరు. వాడు పాకడం మొదలుపెట్టేలోపు ప్రతి బకెట్‌కీ గట్టి మూత కొను, ఆ తలుపుకి పైన గడియ పెట్టించు.

వాసవీ, రాయనన్నాను కానీ రాస్తున్నాను. బాబు బల్ల మీంచి జారిపడ్డాడని, రాత్రివేళ మీరిద్దరూ ఆటోలో ఆసుపత్రికి వెళ్ళారని పద్మత్త చెప్పింది. నిజమేనా? టోపీ అందుకేనా? నిన్ను ఎవరూ ఒక్క మాట అనరు. మీ అమ్మకి నేను చెప్పలేదు, నువ్వు చెప్పమనేదాకా చెప్పను. డాక్టరు చూసి ఇంటికి పంపించి ఉంటే చాలావరకు భయం లేనట్టే. అయినా వాంతులు చేసుకున్నా, లేపితే మత్తుగా ఉన్నా, పాలు తాగకపోయినా, ఎత్తుకున్నా ఏడుపు ఆపకపోయినా, మాడు ఉబ్బెత్తుగా కనిపించినా వెంటనే మళ్ళీ తీసుకెళ్ళు. పొద్దున చూద్దామని ఆగొద్దు. అసలు ఏమీ జరగలేదంటే ఇంకా మంచిది, పద్మత్తకి నేనే ఫోన్ చేసి చెబుతాను. ఏదైనా సరే నాకు తెలియాలి. రాత్రి నిద్ర పట్టడం లేదు.

సరే, మిగతావి. వాడిన డైపర్లలో ఉన్నది ముందు టాయిలెట్‌లో వదిలించి, చుట్టి, పేపర్లో పెట్టి, దాని మీద ఎర్ర గుర్తు వేసి ఎర్ర డబ్బాలో వేయండి. చెత్త అలా విడగొట్టి ఇవ్వాలని మీ ఊళ్ళో హైకోర్టు 2015లోనే చెప్పింది. ఆ పేపరు విప్పి చూడాల్సి వచ్చేది చేత్తో పనిచేసే మనిషి. డైపరు గానీ తడి వైప్స్ గానీ టాయిలెట్‌లో వేయొద్దు, పైపు మూసుకుపోతుంది. జల్లుల్లో గుడ్డలు ఆరకపోతే ఫ్యాను కింద వేసి తర్వాత ఇస్త్రీ చెయ్యి, చెమ్మగా మాత్రం కట్టొద్దు. మీ అమ్మ సాంబ్రాణి పంపిస్తానంది, నేను వద్దన్నాను. మూసిన ఒంటి గదిలో ఆ పొగ పిల్లవాడికి మంచిది కాదు. చెవుల్లో, ముక్కులో నూనె పోయమని ఎవరు చెప్పినా వినొద్దు. పాత నూలు పంచెలు చింపి ఉతికి పంపిస్తున్నాం, కొత్తవాటికంటే మెత్తగా ఉంటాయి.

ఇక పీట. నేల మీద కూర్చుని లేవడం నీకు కష్టమని తొమ్మిదంగుళాల ఎత్తు చేశాను. అంచులన్నీ గుండ్రంగా నునుపు పట్టించాను, చీర గానీ బాబు చెయ్యి గానీ గీరుకోదు. తడిలో జారకుండా కాళ్ళ కింద రబ్బరు వేశాను. వీపు గోడకి ఆనించి కూర్చో, టబ్బు ముందు నేల మీద పెట్టుకో. నిండిన టబ్బుని మోయకు, అక్కడే నింపి అక్కడే ఒంపెయ్యి. కుట్లు పూర్తిగా మానేదాకా బరువులు వద్దని డాక్టరమ్మ చెప్పింది గుర్తుంది కదా. ఆ మడతబల్ల పారేయక్కర్లేదు, చక్రాలు తీసేసి గుడ్డలు మడతపెట్టుకోవడానికి వాడుకో.

శీను పొద్దున బృందావన్ ఎక్కుతాడు, మధ్యాహ్నానికి దిగుతాడు. వాడికి అన్నం పెట్టి పంపు, బయట తింటే వాడికి పడదు. పీట వెడల్పు పద్నాలుగు అంగుళాలు వచ్చింది. మీ బాత్‌రూమ్ తలుపు లోపలి కొలత అంగుళాల్లో తీసి నాకు చెప్పు, తక్కువైతే వాడి చేతికే తిరిగి ఇచ్చెయ్యి, కోసి పంపిస్తాను. కొలత చెప్పడానికి మెసేజ్ పెట్టొద్దు, వీడియో కాల్ చెయ్యి. మీ అమ్మ గుడికి వెళ్ళాక, ఆరు తర్వాత. బాబుకి టోపీ తీసి చూపించు.

ఆశీస్సులతో,
నాన్న