"రెమింగ్టన్ ఎలా ఉందండీ?" అని అడిగినవాళ్ళందరికీ

మన తుపాకీల షాపుకి వచ్చే అన్నయ్యలకీ, అక్కలకీ, అందరికీ నమస్కారం.

ఈ జనవరి రెండో వారంతో జింకల వేట సీజను అయిపోయింది. ఏటా ఈ రోజుల్లో కొత్త సరుకు గురించి రాస్తుంటాను. ఈసారి సరుకు కంటే ముందు నేను దిద్దుకోవలసిన మాట ఒకటుంది. 2019లో నా దగ్గర రెమింగ్టన్ 870 షాట్‌గన్ కొన్నవాళ్ళందరికీ నేను ఒకటే చెప్పాను: "రెండొందల ఏళ్ళ కంపెనీ అండీ, ఎక్కడికీ పోదు, కళ్ళు మూసుకుని తీసుకోండి." నేను ఆ మాట అనేనాటికే ఆ కంపెనీ ఒకసారి దివాలా కోర్టు మెట్లెక్కి దిగింది. ఆ సంగతి నాకు తెలుసు. తెలిసి కూడా పేరు మీద మోజుతో మీకు చెప్పలేదు. మరుసటి ఏడాది జూలైలో అది రెండోసారి దివాలా తీసి, ముక్కలై అమ్ముడుపోయింది. మీ తుపాకీ చక్కగా పనిచేస్తూ ఉండొచ్చు. నేనిచ్చిన భరోసా మాత్రం నిలవలేదు. క్షమించండి.

ఇప్పుడు ఇంకో రకం ప్రశ్నలు వస్తున్నాయి. రెమింగ్టన్ మన జార్జియాకే, అట్లాంటాకి గంటన్నర లోపు దూరంలో ఉన్న లాగ్రాంజ్‌కి వచ్చేసింది కదా, ఇక ధరలు తగ్గుతాయా, పాత తుపాకీలకి రిపేరు అక్కడ చేయించుకోవచ్చా, మా అబ్బాయి మెకానికల్ చదివాడు, అక్కడేమైనా ఉద్యోగాలున్నాయా అని. వీటికి జవాబు చెప్పాలంటే ముందు "ఏ రెమింగ్టన్?" అని నేను మిమ్మల్ని అడగాలి.

మా నాన్నగారికి రెమింగ్టన్ అంటే టైపు మిషను. తెనాలిలో టైపు ఇన్‌స్టిట్యూట్‌లో లోయరు, హయ్యరు రెండూ ఆ పేరున్న మిషను మీదే పాసయ్యారు. తుపాకీల కంపెనీ టైపు మిషన్లు చేయడమేమిటని నేను ఈ వ్యాపారంలోకి వచ్చాక గానీ తెలుసుకోలేదు. ఎలిఫలెట్ రెమింగ్టన్ అనే కుర్రాడు 1816లో న్యూయార్క్ రాష్ట్రంలో తన తండ్రి కొలిమిలో తుపాకీ గొట్టం చేసుకున్నాడు. 1828లో ఈరీ కాలువ పక్కన ఇలియన్ అనే ఊళ్ళో పని పెట్టాడు. అమెరికా అంతర్యుద్ధం ముగిసి ఆర్డర్లు తగ్గిన కాలంలో ఆ కుటుంబం కుట్టు మిషన్లు, వ్యవసాయ పనిముట్లు చేసింది. 1873లో షోల్స్ కనిపెట్టిన టైపు మిషను తయారీకి ఒప్పందం కుదుర్చుకుంది. ఇప్పుడు మన వేళ్ళ కింద ఉన్న అక్షరాల వరస దాని ద్వారానే లోకానికంతా పాకింది. 1886లో ఆ టైపు మిషను వ్యాపారాన్ని వేరేవాళ్ళకి అమ్మేశారు. పేరు కూడా దానితో వెళ్ళింది. అంటే మా నాన్నగారి మిషనుకీ నా షెల్ఫులో ఉన్న షాట్‌గన్‌కీ చుట్టరికం అప్పుడే తెగిపోయింది, పేరొక్కటే మిగిలింది. 2020లో జరిగింది కూడా అదే, కాకపోతే ఒకేసారి అన్ని వైపులా తెగింది.

మధ్యలో అరవై ఏళ్ళు, 1933 నుంచి 1993 దాకా, తుపాకీల వ్యాపారం డుపాంట్ కంపెనీ చేతిలో ఉంది. 870 వచ్చిందీ, 1962లో మోడల్ 700 రైఫిల్ వచ్చిందీ ఆ కాలంలోనే. 870లు ఇప్పటిదాకా కోటికి పైగా తయారయ్యాయి. డుపాంట్ అమ్మేశాక పెట్టుబడి సంస్థల చేతులు మారుతూ 2007లో సెర్బరస్ అనే సంస్థ దగ్గరకి చేరింది. వాళ్ళు బుష్‌మాస్టర్, మార్లిన్, డీపీఎంఎస్ లాంటి తుపాకీల కంపెనీలన్నీ కొని ఒకే గొడుగు కింద పెట్టారు.

ఇలాంటి కొనుగోలు ఎలా నడుస్తుందో నాకు అర్థమవడానికి చాలాకాలం పట్టింది. ఒకాయన మీ వీధిలో ఇల్లు కొన్నాడనుకోండి. సొంత డబ్బు కొంచెం, మిగతాది అప్పు. ఆ అప్పుకి ఇల్లే తాకట్టు. వాయిదాలు కట్టాల్సింది మాత్రం ఆయన కాదు, ఆ ఇంట్లో అద్దెకున్నవాళ్ళు. తర్వాత అదే ఇంటి మీద ఇంకో అప్పు తెచ్చి, ఆ డబ్బు తన జేబులో వేసుకోవచ్చు. పైకప్పు కారుతుంటే బాగుచేయించడానికి ఎవరి దగ్గరా పైసా ఉండదు. ఆ ఇల్లు రెమింగ్టన్ అనుకోండి. 2018 మార్చిలో అది మొదటిసారి దివాలా పిటిషన్ వేసేనాటికి దాని నెత్తిన 900 మిలియన్ డాలర్లకు పైగా అప్పుంది. పాతకాలపు గోడల మధ్య పనిచేసే ఫ్యాక్టరీకి కొత్త యంత్రాలు కావాలి, పనివాళ్ళకి తర్ఫీదు కావాలి. సంపాదించింది వడ్డీకే పోతుంటే ఆ రెండూ ఎక్కడినుంచి వస్తాయి?

సరుకులో అది కనబడింది. మార్లిన్ రైఫిళ్ళు కనెటికట్‌లో నార్త్ హేవెన్ ఫ్యాక్టరీలో తయారయ్యేవి. కొన్న మూడేళ్ళకే ఆ ఫ్యాక్టరీ మూసేసి యంత్రాలు ఇలియన్‌కి తరలించారు. ఆ యంత్రాల గుణం ఎరిగిన పనివాళ్ళు మాత్రం వాటితో రాలేదు. ఆ తర్వాత కొన్నేళ్ళు వచ్చిన రైఫిళ్ళని ఈ దేశంలో వేటగాళ్ళు "రెమ్లిన్" అని పిలిచారు, మెచ్చుకుని కాదు. 2014లో ఆర్51 అనే చిన్న పిస్టల్ తెచ్చి, అదే ఏడాది వెనక్కి పిలిచారు.

పాపమంతా అప్పు నెత్తిన మోపినవాళ్ళదే అంటే అది కూడా సగం నిజమే అవుతుంది. మోడల్ 700 ట్రిగ్గర్ గొడవ వాళ్ళ కంటే ఎంతో పాతది. మీట నొక్కకుండానే పేలిందని దశాబ్దాలపాటు కేసులు పడ్డాయి. లోపమేమీ లేదనే కంపెనీ అంటూ వచ్చింది. చివరికి దాదాపు 75 లక్షల తుపాకీలకు వర్తించే ఒప్పందంలో, తప్పు ఒప్పుకోకుండానే, ట్రిగ్గర్లు మార్చి ఇవ్వడానికి అంగీకరించింది. నా మట్టుకు నాకు ఆ కంపెనీ విషయంలో మనసు విరిగింది అప్పుల దగ్గర కాదు, ఇక్కడ.

ఇంకొకటి, దాటవేయలేనిది. 2012 డిసెంబర్ 14న కనెటికట్‌లో శాండీహుక్ బడిలో 20 మంది పసిపిల్లల్ని, ఆరుగురు పెద్దవాళ్ళని చంపిన రైఫిల్ బుష్‌మాస్టర్, అంటే ఈ గొడుగు కింద తయారైనది. వారం తిరక్కుండానే సెర్బరస్ ఈ వ్యాపారాన్ని అమ్మేస్తామని ప్రకటించింది. కాలిఫోర్నియా టీచర్ల పింఛను డబ్బు అందులో ఉందని ఆ టీచర్లకి అప్పుడే చురుక్కుమంది. కొనేవాళ్ళు దొరకలేదు. తొమ్మిది కుటుంబాలు వేసిన కేసు 2022 ఫిబ్రవరిలో 73 మిలియన్ డాలర్లకి పరిష్కారమైంది. కట్టింది బీమా కంపెనీలు. అప్పటికి కంపెనీ లేదు. ఆ రకం రైఫిళ్ళు నేను షాపులో పెట్టనని మీలో చాలామందికి తెలుసు. ఎందుకని అడిగినవాళ్ళకి నా జవాబు ఆ పిల్లల వయసే. ఆరేడేళ్ళు.

2020 నాటి విడ్డూరం మీరు కూడా చూశారు. కోవిడ్ భయంతో దేశమంతా తుపాకీల కోసం వరసల్లో నిలబడింది. ఆ ఏడాది తుపాకీల కోసం ఎఫ్‌బీఐ దగ్గరకి వచ్చిన నేపథ్య తనిఖీలు దాదాపు 3.97 కోట్లు, అంతకుముందెన్నడూ లేనన్ని. నా షెల్ఫులు ఖాళీ. కనీవినీ ఎరగనంత గిరాకీ ఉన్న ఆ వేసవిలోనే అమెరికాలో అందరికంటే పాత తుపాకీల కంపెనీ దగ్గర ముడిసరుకు కొనడానికి డబ్బు లేదు. కొనడానికి నవాహో తెగ ప్రభుత్వం ముందుకొచ్చింది గానీ కుదరలేదు. ఉమ్మడి కుటుంబం విడిపోయి పొలానికి గట్లు వేసుకున్నట్టు వేలంలో ఎవరి ముక్క వాళ్ళు పట్టుకుపోయారు. తూటాల వ్యాపారం 81.4 మిలియన్ డాలర్లకి విస్టా అవుట్‌డోర్ అనే కంపెనీకి పోయింది. మార్లిన్‌ని సుమారు 30 మిలియన్లకి రూగర్ అనే తుపాకీల కంపెనీ తీసుకుంది. ఇలియన్ ఫ్యాక్టరీతో సహా షాట్‌గన్లు, రైఫిళ్ళ వ్యాపారం రౌండ్‌హిల్ అనే కొత్త పెట్టుబడిదారుల బృందానికి కేవలం 13 మిలియన్లకి దక్కింది. 13 మిలియన్లు! మన ఊళ్ళో ఒక మోస్తరు షాపింగ్ సెంటర్ ఖరీదు.

అందుకే మొదట "ఏ రెమింగ్టన్?" అన్నాను. మీరు కొనే ఆకుపచ్చ డబ్బా తూటాలవాళ్ళు వేరు, లాగ్రాంజ్‌కి వచ్చిన తుపాకీలవాళ్ళు వేరు. తూటాల వ్యాపారం విస్టా నుంచి మళ్ళీ చేతులు మారి 2024 నవంబర్‌లో చెక్ దేశపు సీఎస్‌జీ గ్రూపు కిందకి వెళ్ళింది. కోల్ట్ తుపాకీల కంపెనీని కూడా 2021లో చెక్ కంపెనీయే కొన్నది, అది ఇంకో గ్రూపు. రెండింటినీ కలిపేసి ఎవరైనా చెబితే నమ్మకండి.

2023 వేసవిలో మేము ఆల్బనీ మీదుగా నయాగరా వెళ్తూ ఇలియన్‌లో ఆగాం. నేనే పట్టుబట్టి ఆపించాను. ఊరి నడుమ ఎర్ర ఇటుకల భవనాలు, బారులుగా కిటికీలు. ఎనిమిది వేల మందైనా లేని ఊరు. కాఫీ కోసం కూర్చున్నచోట పక్క బల్ల దగ్గర ఒక పెద్దాయన, నేను తుపాకీల షాపు నడుపుతానని తెలిసి, నీ దగ్గరున్న 870 బారెల్ మీద తయారైన నెల చెప్పే అక్షరాలేమిటో చెప్పగలవా అన్నాడు. నా సొంత తుపాకీ కోడు నాకు నోటికొచ్చు, చెప్పాను. వేళ్ళ మీద లెక్కపెట్టుకుని, "ఆ నెల నేను పనిలో ఉన్నాను" అన్నాడు. ఇంకేమీ అనలేదు. నా కాఫీకి తనే డబ్బు కట్టి వెళ్ళాడు.

అదే ఏడాది నవంబర్ 30న ఆ ఫ్యాక్టరీ మూసేస్తున్నామని ప్రకటన వచ్చింది. 2024 మార్చిలో మూతపడింది. చివరిదాకా మిగిలినవాళ్ళు దాదాపు 270 మంది. అంతకుముందు 2020 అక్టోబర్‌లో, పాత కంపెనీ ముక్కలైనప్పుడు, 585 మందిని ఒక్కసారిగా పంపేశారు, వాడుకోని సెలవుల జీతం కూడా ఇవ్వకుండా. మన రాష్ట్రానికి ఫ్యాక్టరీ వచ్చిందని నేనూ సంతోషించాను. కానీ ఆ పెద్దాయన గుర్తొస్తే ఆ సంతోషం గొంతు దాటి రావడం లేదు.

ఉద్యోగాల సంగతి. 2021 నవంబర్‌లో ప్రకటించినప్పుడు లాగ్రాంజ్‌కి 100 మిలియన్ డాలర్ల పెట్టుబడి, ఐదేళ్ళలో 856 ఉద్యోగాలు అన్నారు. 2014లో అలబామాలోని హంట్స్‌విల్‌లో పాత యజమానులు దాదాపు 2,000 ఉద్యోగాలన్నారు, ఆ సంఖ్య దరిదాపులకి కూడా చేరలేదు. యజమానులు మారారు కాబట్టి అప్పటి లెక్క ఇప్పటివాళ్ళకి అంటగట్టను. మీ అబ్బాయి దరఖాస్తు పెట్టుకోవచ్చు. దాన్ని నమ్ముకుని లాగ్రాంజ్‌లో ఇల్లు మాత్రం కొనొద్దని చెబుతాను. ధరల విషయానికొస్తే, ఫ్యాక్టరీ దగ్గరైనంత మాత్రాన మనకి తగ్గేదేమీ లేదు. నాకు సరుకు వచ్చేది డిస్ట్రిబ్యూటర్ దగ్గర్నుంచే.

ఇక మన షాపులో మారేవి.

వేలంలో కొనేవాళ్ళు ఆస్తులు కొంటారు గానీ పాత యజమాని ఇచ్చిన హామీలు కొనుక్కోరు. అందుకని 2020 ముందు నా దగ్గర కొన్న రెమింగ్టన్ దేనికైనా ఇకమీదట నేనే పూచీ. విడిభాగానికి అసలు ధర ఇవ్వండి, కూలి తీసుకోను. 870కి ఎజెక్టర్లు, స్ప్రింగులు, షెల్ లాచీలు రెండేళ్ళకి సరిపడా తెచ్చి పెట్టాను. అంతకుమించి ఎంతకాలం దొరుకుతాయో నేను మాట ఇవ్వలేను, ఒకసారి ఇచ్చి తప్పినవాణ్ణి.

మోడల్ 700 గానీ మోడల్ సెవెన్ గానీ ఉన్నవాళ్ళు దయచేసి ఇది రెండుసార్లు చదవండి. 2006 మే 1 నుంచి 2014 ఏప్రిల్ 9 మధ్య తయారైన ఎక్స్‌మార్క్ ప్రో ట్రిగ్గర్లని కంపెనీయే వెనక్కి పిలిచింది. బిగింపులో వాడిన జిగురు ఎక్కువై మీట నొక్కకుండా పేలే ప్రమాదముందని. చాలామంది ఆ ఉత్తరం చూడనేలేదు. చేతులు మారిన సెకండ్‌హ్యాండ్ తుపాకీలైతే మరీను. అంతకంటే పాత ట్రిగ్గరైనా సరే చూపించుకోండి. చూసినందుకు డబ్బు తీసుకోను, ఎక్కడ కొన్నదైనా సరే.

పాత తుపాకీలు అమ్మేటప్పుడు ఇకనుంచి చీటీ మీద ఏ ఏడు, ఏ ఫ్యాక్టరీ, ఇప్పుడు దాని వెనక ఎవరున్నారో రాసి పెడతాను. రెమింగ్టన్‌కి బారెల్ ఎడమ పక్కన, రిసీవర్ (బారెల్ బిగించే భాగం) దగ్గర చిన్న అక్షరాలుంటాయి. మొదటిది నెల. జనవరి నుంచి డిసెంబర్ దాకా వరసగా బి, ఎల్, ఎ, సి, కె, పి, ఓ, డబ్ల్యూ, డి, ఇ, ఆర్, ఎక్స్. కలిపి చదివితే "బ్లాక్ పౌడర్", చివర ఎక్స్. రెండోది సంవత్సరం. మార్లిన్ అయితే బారెల్ మీద "జేఎం" ముద్ర ఉంటే పాత కనెటికట్‌ది, "ఆర్ఈపీ" ఉంటే రెమింగ్టన్ కాలంది, సీరియల్ నంబరు "ఆర్ఎం"తో మొదలైతే నార్త్ కరోలినాలో రూగర్ చేసింది. రూగర్ చేసినవి నేను నిశ్చింతగా అమ్ముతున్నాను. పని చాలా బాగుంది.

కొత్త రెమింగ్టన్ 870 ఫీల్డ్‌మాస్టర్లు ఒకసారికి రెండు మాత్రమే తెప్పిస్తాను. లాగ్రాంజ్‌లో చేసిన సరుకు ఒక సీజను మొత్తం వాడి చూశాక ఎలా ఉందో వచ్చే జనవరిలో ఉన్నదున్నట్టు రాస్తాను.

ట్రిగ్గర్ తనిఖీలు ఫిబ్రవరి నెలంతా శనివారాలు, మధ్యాహ్నం రెండు నుంచి. తుపాకీ ఖాళీ చేసి, బోల్టు తెరిచి, పెట్టెలో పెట్టి తీసుకురండి. తూటాలు కారులోనే వదిలేయండి. పిల్లలతో వచ్చేవాళ్ళు ముందు ఒక్క మాట చెబితే వాళ్ళని అటు గాలాల గదిలో కూర్చోబెడతాం.