నిజం బయటపడితే గెలిచినట్టేనా?

సంపాదకుడు గారికి నమస్కారం.

నవల అయినా సినిమా అయినా డబ్బూ పలుకుబడీ లేనివాడే చివరికి గెలుస్తాడు, బయట మాత్రం ఉన్నవాడిదే పైచేయి. ఎందుకని అడిగితే, దొరకని న్యాయాన్ని తెర మీదైనా చూసుకుని జనం ఊరట పడతారని అంటారు. అది కొంత నిజమే కానీ, అసలు సంగతి ఏమిటంటే కథ రాసేవాడికి బలవంతుడితో పని జరగదు. మొదటి పేజీలో అన్నీ ఉన్నవాడు చివరి పేజీలోనూ అలాగే ఉంటే చదివేవాడికి టెన్షన్ ఎక్కడిది? గెలుస్తాడా లేదా అని అనుమానం ఉన్నవాడి వెంటే కథ నడుస్తుంది. ఇంతవరకు నాకేమీ పేచీ లేదు.

నన్ను బాధపెట్టేది వాళ్లను గెలిపించే తీరు. దాదాపు ప్రతి కథలోనూ నిజం బయటపడగానే గెలిచేసినట్టే. దాచిన కాగితం దొరుకుతుంది, సాక్షి నోరు విప్పుతాడు, పెద్దమనిషి తల దించుకుంటాడు, శుభం కార్డు పడుతుంది. బయట అసలు కష్టాలు అక్కడే మొదలవుతాయి.

బ్రిటన్ పోస్టాఫీసు కేసు చూడండి. అక్కడ చిన్న పోస్టాఫీసులు నడుపుకునే సబ్‌పోస్ట్‌మాస్టర్లకు 1999 నుంచి ఫుజిత్సు తయారుచేసిన హొరైజన్ అనే కంప్యూటర్ సిస్టమ్ ఇచ్చారు. దాని లోపాల వల్ల సాయంత్రం లెక్క చూసుకుంటే లేని లోటు కనిపించేది. హెల్ప్‌లైన్ వాళ్లు చెప్పినట్టే చేస్తే లోటు కళ్లముందే రెట్టింపైందని ఒకావిడ తర్వాత చెప్పారు. ఈ సమస్య మీ ఒక్కరికే వచ్చిందని ఆమె లాంటి చాలామందికి సమాధానం. లోటు సొంత డబ్బుతో పూడ్చాలి, లేకపోతే దొంగ అనే కేసు. దర్యాప్తు చేసేదీ పోస్టాఫీసే, చాలా కేసుల్లో కోర్టుకు ఈడ్చేదీ పోస్టాఫీసే. మొత్తం 900 మందికి పైగా నేరస్థులుగా తేలారు. ఇళ్లు అమ్ముకున్నవాళ్లున్నారు, ప్రాణాలు తీసుకున్నవాళ్లున్నారు, 2010లో కడుపుతో ఉన్న ఒక మహిళను జైలుకు పంపారు.

ఈ సిస్టమ్ మీద అనుమానాలున్నాయని 2009లోనే ఒక కంప్యూటర్ పత్రిక బాధితుల మాటలతో సహా రాసింది. కథ అయితే అక్కడితో అయిపోవాలి. ఇక్కడ మరో పదేళ్లు పట్టింది. ఆలన్ బేట్స్ అనే సబ్‌పోస్ట్‌మాస్టర్ ముందు నిలబడితే చలిచీమల్లా 555 మంది కూడి కేసు వేశారు, 2019 డిసెంబరులో హైకోర్టు సిస్టమ్‌లో లోపాలున్నాయని తేల్చింది. రాజీలో వచ్చింది సుమారు 5.8 కోట్ల పౌండ్లు, అందులో లాయర్లకూ కేసుకు పెట్టుబడి పెట్టినవాళ్లకూ పోగా బాధితులందరికీ కలిపి మిగిలింది సుమారు 1.2 కోట్లు. గెలిచినవాళ్ల పరిస్థితి ఇది! ఆ తర్వాత 2024 జనవరిలో ఇదే విషయం మీద టీవీలో నాలుగు భాగాల నాటకం వస్తే దేశమంతా కదిలిపోయింది, మే నెలకల్లా ఆ శిక్షలను మూకుమ్మడిగా రద్దు చేస్తూ చట్టం చేశారు. తీర్పు తర్వాత నాలుగేళ్లకు పైగా జరగని పని కొన్ని నెలల్లో జరిగింది. కథకు ఇంత బలం ఉన్నందుకు సంతోషమే, కానీ ఎవరి బతుకూ నాటకం కాని చోట ఏం జరుగుతుందో తలచుకుంటే గుండె బరువెక్కుతుంది.

బలవంతుడు గెలవడానికి దుర్మార్గుడే కానక్కర్లేదు, లంచం ఇవ్వక్కర్లేదు. మార్క్ గాలంటర్ అనే అమెరికన్ న్యాయ పండితుడు 1974లోనే ఇది వివరించాడు. పెద్ద సంస్థలు కోర్టుకు మళ్లీ మళ్లీ వస్తుంటాయి, మామూలు మనిషి జన్మకోసారి వస్తాడు. సంస్థ ఓడిపోయేలా ఉన్న కేసును రాజీ చేసుకుంటుంది, రేపు తనకు పనికొచ్చే తీర్పు వచ్చేలా ఉన్న కేసును మాత్రం చివరిదాకా పోరాడుతుంది. జడ్జి ఎంత నిజాయితీపరుడైనా ఈ తేడా పోదు. వాయిదా పడితే సంస్థకు అదొక ఫైలు, ఎదుటివాడికి ఒక రోజు కూలి, పిల్లల ఫీజు, సగం ఆరోగ్యం.

కథల్లో ఈ వాయిదాలు ఉండవు. ఒక పాట వెళ్లిపోయేలోపు పదేళ్లు గడిచిపోతాయి. దాంతో మనకు తెలియకుండానే ఒక లెక్క అలవాటవుతుంది, న్యాయం నీ వైపే ఉంటే గెలిచేవాడివిగా అని. ఓడిపోయినవాణ్ణి చూస్తే ఏదో తప్పు చేసే ఉంటాడని అనుకుంటాం. ఆ సబ్‌పోస్ట్‌మాస్టర్లను దొంగలన్నది పోస్టాఫీసు ఒక్కటే కాదు, నిన్నటిదాకా పలకరించిన ఇరుగుపొరుగులు కూడా అలాగే చూశారు. డబ్బు పోయిన బాధ కంటే ఇదే ఎక్కువని నా అభిప్రాయం.

బలహీనుడి గెలుపు రాయొద్దని రచయితలను అడగను, ఆ మధ్య పదేళ్లు కూడా రాయమంటాను. మీ పత్రికను అడిగేది ఇంకా చిన్నది. సామాన్యుడి గెలుపు అని పెద్ద హెడ్డింగ్ పెట్టినప్పుడు కేసు ఏ సంవత్సరం మొదలైంది, అవతలివాళ్లు అప్పీలుకు వెళ్లారా, పరిహారం చేతికి అందిందా అన్నవి కూడా ఆ వార్తలోనే రాయండి. అందకపోతే ఆర్నెల్ల తర్వాత మళ్లీ ఒకసారి అడిగి వేయండి.

ఇట్లు,
మీ పాఠకుడు