పెన్షన్ అర్జీ పేరు దగ్గరే ఆగిపోతోంది

సంపాదకులకు,

అనంతపురం, చిత్తూరు, కర్నూలు జిల్లాల నుంచి వచ్చి బెంగళూరులోని పీణ్య, బొమ్మసంద్ర ఫ్యాక్టరీల్లో పాతికేళ్లు, ముప్పైయేళ్లు పనిచేసినవాళ్లు ఇప్పుడు వరుసగా రిటైరవుతున్నారు. చివరి రోజు శాలువా కప్పి సాగనంపుతున్నారు. ఆ తర్వాత వాళ్ల పెన్షన్ అర్జీ పేరు దగ్గరే చిక్కుకుంటోంది.

మనకు ఇంటిపేరు ముందు, ఇక్కడ ఇనిషియల్ చివర. చేరిన రోజు కంపెనీ గుమాస్తా ‘వెంకటేశ్ ఎన్’ అని రాసుకుంటాడు. ఆధార్‌లో ‘నల్లబోతుల వెంకటేశులు’. బ్యాంకు పాసుబుక్కులో ‘ఎన్. వెంకటేశులు’. ముగ్గురూ ఒకరేనని కంప్యూటరు ఒప్పుకోదు. పుట్టినతేదీతోనూ ఇదే గొడవ. పీఎఫ్‌లో స్కూలు టీసీ తేదీ ఉంటుంది, ఆధార్‌లో నోటితో చెప్పిన వయసును బట్టి జనవరి 1 పడి ఉంటుంది.

2017 అక్టోబరు 1 తర్వాత వచ్చిన, ఆధార్‌తో సరిపోయిన యూఏఎన్ (పీఎఫ్ సభ్యుడికి ఇచ్చే నంబరు) అయితే ఇలాంటి తప్పులు చాలావరకు పీఎఫ్ పోర్టల్లో ఎవరికి వాళ్లే దిద్దుకోవచ్చు. ఇప్పుడు రిటైరయ్యేవాళ్లలో ఎక్కువమందివి అంతకుముందు నంబర్లు. వాటికి జాయింట్ డిక్లరేషన్ (ఉద్యోగి, కంపెనీ కలిసి ఇచ్చే దిద్దుబాటు అర్జీ) పెట్టాలి, దాన్ని కంపెనీ ఆమోదించాలి. ఉద్యోగంలో ఉండగా హెచ్‌ఆర్ టేబుల్ దగ్గర నిలబడి చేయించుకోగల పనే ఇది. ఐడీ కార్డు తిరిగి ఇచ్చేశాక గేటు దాటడమే కష్టం. కనీసం ఆరు నెలల ముందు పీఎఫ్ పాసుబుక్ తెరవాలి. పాత కంపెనీల్లో మానేసిన తేదీ పడిందా, ఆ ఖాతాలు ఇప్పటి యూఏఎన్ కిందికి చేరాయా, ఈ-నామినేషన్‌లో (ఆన్‌లైన్లో రాసిన నామినీ వివరాల్లో) భార్య పేరు ఆమె ఆధార్‌లో ఉన్నట్టే ఉందా చూసుకోవాలి. పదేళ్ల సర్వీసు లేనిదే నెలనెలా పెన్షన్ రాదు. ఎక్కడో విడిగా పడి ఉన్న మూడేళ్ల పాత ఖాతాయే ఒక్కోసారి దిక్కవుతుంది. (మధ్యలో ఫారం 10సీ పెట్టి పెన్షన్ సొమ్ము తీసేసుకుని ఉంటే ఆ ఏళ్లు లెక్కలోకి రావు.)

ఇంకో సంగతి చాలామందికి తెలియదు. కర్ణాటకలో 2017 సవరణతో చాలా ప్రైవేటు ఫ్యాక్టరీల్లో రిటైర్మెంటు 60 అయింది. ఈపీఎస్ (పీఎఫ్‌తో ముడిపడిన ఉద్యోగుల పెన్షన్ పథకం) పెన్షన్‌కు మాత్రం 58 నిండితే చాలు, పనిచేస్తూనే పెన్షన్ అర్జీ ఫారం 10డీ పెట్టుకోవచ్చు. 60 దాకా ఆగితే పెన్షన్ ఏడాదికి 4 శాతం చొప్పున పెరుగుతుంది. ఆగేవాళ్లు ఆ లెక్క తెలిసి ఆగాలి. వాయిదా కోరుకోనివారికి 58 నిండాక కూడా కంపెనీ తన వాటాలోని 8.33 శాతాన్ని పెన్షన్ ఖాతాకే కడుతూ పోతే అర్జీ మళ్లీ ఇరుక్కుంటుంది. ఆ సొమ్ము పీఎఫ్‌లోకి జమ కావాలని జీతాల సెక్షన్‌కు ముందే కాగితం మీద రాసి ఇవ్వాలి. 10డీకి దంపతుల జంట ఫొటో, బ్యాంకు పాసుబుక్, 25 ఏళ్లలోపు పిల్లల వివరాలు సిద్ధం చేసుకోవాలి.

గ్రాట్యుటీ లెక్క తేలికే. చివరి నెల వేతనాన్ని 26తో భాగించి, 15తోనూ సర్వీసు ఏళ్లతోనూ గుణించాలి. అది 30 రోజుల్లో చేతికి రావాలి.

వైద్యం సంగతి ఇంకా ముఖ్యం. రిటైరవగానే ఈఎస్‌ఐ (కార్మికుల ఆరోగ్య బీమా) ఆస్పత్రి తలుపు మూసుకుపోతుందని అనుకుంటారు. కనీసం ఐదేళ్లు ఈఎస్‌ఐ కింద ఉండి, వయసు నిండి రిటైరైనవాళ్లు ఏడాదికి 120 రూపాయలు కడితే భార్యాభర్తలిద్దరికీ వైద్యం అందుతుంది. ఈ ఒక్క మాట తెలియక ప్రైవేటు ఆస్పత్రుల్లో అప్పులపాలయ్యే ఇళ్లున్నాయి.

ప్రతి నెలా 27న పీఎఫ్ సంస్థ ‘నిధి ఆప్కే నికట్’ శిబిరం నడుపుతుంది. బెంగళూరు పారిశ్రామికవాడల్లో జరిగే శిబిరాల్లో తెలుగు తెలిసిన మనిషిని ఒకరిని కూర్చోబెట్టాలని అధికారులను కోరుతున్నాను. కంపెనీలు కూడా ఏటా 57 నిండినవారి జాబితా తీసి, పీఎఫ్, ఆధార్, బ్యాంకు పేర్లు పక్కపక్కన పెట్టి చూసి, తేడా ఉన్నవాళ్లను తామే పిలవాలి. హెచ్‌ఆర్‌లో ఒక మనిషికి రెండు రోజుల పని అది.

– ఒక పాఠకుడు, టి. దాసరహళ్లి, బెంగళూరు