నలభై ఏళ్ల లెక్క

తెనాలి,
నవంబరు 6.

చిరంజీవి శిరీషను అమ్మ ఆశీర్వదించి రాయునది.

ఇక్కడ అందరం క్షేమం. నాన్నగారి మోకాలు మునుపటి మీద నయం. పక్కింటివాళ్లు కరివేపాకు చెట్టు కొమ్మలు మళ్లీ నరికేశారు. ఈసారి ఆయన గొడవకు కూడా వెళ్లలేదంటే వయసు మీద పడిందనే అనుకోవాలి. వినాయక చవితి దగ్గర్నుంచీ ఫోను చేసినప్పుడల్లా నువ్వు "బాగానే ఉన్నానమ్మా" అనేసి పెట్టేస్తున్నావు. ఉత్తరాన్నయితే మధ్యలో పెట్టేయలేవు కదా, అందుకని రాస్తున్నాను. వేరే విశేషమేమీ లేదు.

స్వాతి పెళ్లిలో కిరణ్ కనిపించాడు. గారెలు వడ్డిస్తుండగా, "పెద్దమ్మా, అక్క నలభైకల్లా ఉద్యోగం మానేస్తుందటగా, జీతంలో అరవై శాతం దాచేస్తోంది" అన్నాడు. పదిమందిలో అనవలసిన మాటా అది? నవ్వి ఊరుకున్నాను. తపాలా ఆఫీసు కౌంటరులో కూర్చుని ఊరందరి చేతా ఆర్డీలు (నెలనెలా కట్టే పొదుపు ఖాతాలు) కట్టించినదాన్ని, కూతురు పొదుపు చేస్తే నాకెందుకు బాధ? కాకపోతే సొంత గది వదిలేసి నలుగురితో కలిసి ఉంటున్నావనీ, రాత్రిపూట రెండు అరటిపళ్లతో సరిపెడుతున్నావనీ కూడా వాడే చెప్పాడు. ఆ మిగిలిన డబ్బు తరవాత డాక్టరుకే పోస్తావు.

ఏడాది ఖర్చుకు ఇరవై అయిదు రెట్లు చేతిలో ఉంటే చాలునట, కిరణ్ కాగితం మీద వేసి చూపించాడు. నెలకు యాభై వేలయితే ఏడాదికి ఆరు లక్షలు, దానికి ఇరవై అయిదు రెట్లు కోటిన్నర. వినడానికి బాగుంది. కానీ ఆ సూత్రం 1994లో అమెరికాలో బెంగెన్ అనే ఆయన అక్కడి షేర్లు, బాండ్ల చరిత్ర చూసి కట్టినది, అది కూడా ముప్పై ఏళ్ల విశ్రాంత జీవితానికి. నలభైకి మానేస్తే నీకు కావలసింది యాభై ఏళ్లకు. మన దగ్గర ధరలు ఏటా ఆరు శాతం పెరిగినా పన్నెండేళ్లకు రెట్టింపవుతాయి. నీకిప్పుడు ముప్పై ఒకటి. నలభై వచ్చేసరికి నేటి యాభై వేల ఖర్చు ఎనభై వేలు దాటుతుంది, అప్పుడు కోటిన్నర ఏ మూలకు? రెండున్నర కోట్లు కావాలి. ఇదంతా నిన్ను నిరుత్సాహపరచడానికి కాదు. మానేయాలని ఇంత ముందునుంచే లెక్కలు వేసుకుంటున్నావంటే, ఆ ఉద్యోగం ఎలా ఉందో అని.

పోనీలే. పెద్ద మామయ్య సంగతి నీకు పూర్తిగా తెలియదు. అప్పటికి నీకు ఆరేడేళ్లు. 2000 చివరలో ప్రభుత్వ బ్యాంకులు స్వచ్ఛంద విరమణ పథకం తెచ్చాయి. నలభై ఏళ్లు నిండినా, పదిహేనేళ్ల సర్వీసు ఉన్నా పెట్టుకోవచ్చు, సర్వీసులో ఏడాదికి అరవై రోజుల జీతం చొప్పున ఇస్తారు. అన్నయ్యకు నలభై రెండు. పెన్షను రాదు. అయినా సంతకం పెట్టేశాడు. ఒక ఉదయం ఫుల్‌స్కేప్ కాగితం నిండా లెక్కలు వేసుకుని మా కౌంటరు ముందు నిలబడ్డాడు. వచ్చిన దాంట్లో కొంత మా తపాలా నెలసరి ఆదాయ పథకం ఎంఐఎస్‌లో, మిగిలింది బ్యాంకు డిపాజిట్లలో వేసి, నెలనెలా వడ్డీతో హాయిగా బతకాలని. కిందటి ఏడాది పదకొండు శాతం ఉన్న ఎంఐఎస్ అప్పటికే తొమ్మిదిన్నరకు దిగింది. ఇంకా దిగుతుందేమో అన్నయ్యా అన్నాను. "దిగితే మాత్రం ఎంత దిగుతుందిలే" అన్నాడు. 2003 మార్చికల్లా కొత్త ఖాతాలకు ఎనిమిది. మామయ్యది ఆరేళ్ల ఖాతా కనక 2007 దాకా ఆ సెగ తగల్లేదు కానీ, బ్యాంకు డిపాజిట్లు గడువు తీరి మార్చినప్పుడల్లా వడ్డీ తగ్గుతూనే వచ్చింది. శ్రీను ఇంజినీరింగు ఫీజు మాత్రం తగ్గుతుందా? వదిన చంద్రహారం ఎప్పుడు పోయిందో నేను అడగలేదు, ఆవిడ చెప్పలేదు.

డబ్బు సంగతి అలా ఉంచు. రోజూ పదిగంటలకల్లా గడ్డం గీసుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని మా తపాలా ఆఫీసుకే వచ్చి కూర్చునేవాడు. జిగురు డబ్బా పక్కన బల్ల ఆయనదే. చదువురానివాళ్లకు మనియార్డరు ఫారాలు నింపేవాడు, మా గుమాస్తా కూడికల్లో తప్పులు పట్టేవాడు. కొత్తవాళ్లు ఆయన్నే పోస్టుమాస్టరనుకుని నమస్కారాలు పెట్టేవారు, నాకు ఒళ్లు మండేది. చివరికి బియ్యం మిల్లులో పద్దులు రాయడానికి కుదిరాడు. పాత జీతంలో మూడో వంతు కూడా లేదు, అయినా ముఖంలో కళ వచ్చింది. ఇన్నేళ్లయ్యాక మొన్న స్వాతి పెళ్లిలో వదిన చెప్పింది: ఆ రోజుల్లో కొత్తగా వచ్చిన మేనేజరు అన్నయ్యను ఖాతాదారుల ముందు నిలబెట్టి చీవాట్లు పెట్టేవాడట. వడ్డీ లెక్కలన్నీ ఆ తరవాత వేసుకున్నవే.

నీ ఆఫీసులో ఎవరైనా నిన్ను ఏమైనా అంటున్నారా? రాత్రి పదకొండింటికి కూడా పని పెడుతున్నారని నువ్వే ఒకసారి నోరు జారావు. అదే సంగతయితే నలభై దాకా ఎందుకు, ఇప్పుడే మానేసి ఇంకొకటి చూసుకో. ఆరునెలలు ఇంటికి వచ్చి ఉన్నా ఎవరూ ఏమీ అనరు. బామ్మ పెళ్లి మాట ఎత్తకుండా చూసే పూచీ నాది.

ఉపన్యాసం చెప్పకూడదనే మొదలుపెట్టాను, కానీ మరి రెండు ముక్కలు. ఉద్యోగం వదిలిన రోజునే కంపెనీ ఇచ్చే ఆరోగ్య బీమా పోతుంది. నీ పేరున విడిగా ఒకటి ఇప్పుడే తీసుకో. ఉన్న జబ్బులకు మూడేళ్ల దాకా ఆగమనే కంపెనీలున్నాయి, జబ్బు లేనప్పుడు తీసుకుంటేనే సుఖం. 2025 సెప్టెంబరు నుంచి దాని మీద జీఎస్టీ కూడా తీసేశారు. ఉద్యోగుల భవిష్యనిధి (ఈపీఎఫ్) పెన్షనుకు పదేళ్ల సర్వీసు ఉండాలి, పూర్తి పెన్షను 58కి గాని రాదు. కంపెనీ మారినప్పుడల్లా పాత ఖాతాను కొత్తదాంట్లోకి మార్పించుకుంటున్నావా? ఇక షేర్ల ధరల మీద పందెం కాసే ఆ ఫ్యూచర్స్, ఆప్షన్స్ జోలికి వెళ్లకు. అందులో దిగిన మామూలు మదుపరుల్లో నూటికి తొంభై ముగ్గురు 2022 నుంచి 2024 దాకా మూడు ఆర్థిక సంవత్సరాల్లో నష్టపోయారని షేర్ల మార్కెట్టును అదుపుచేసే సెబీయే లెక్క తీసింది. నెలనెలా ఇండెక్స్ ఫండులో (మార్కెట్టు సూచీలోని షేర్లన్నీ కొనే ఫండు) వేస్తున్నావని కిరణ్ అన్నాడు. అది మంచిదే, మార్కెట్టు పడినప్పుడు భయపడి తీసేయకు. 2008లో ఇరవై ఒక్క వేలు దాటిన షేర్ల సూచీ సెన్సెక్స్ అదే ఏడాది ఎనిమిది వేల దగ్గరకు పడితే, నాన్నగారు వారం రోజులు పేపరు ముట్టుకోలేదు.

సంక్రాంతికి టికెట్లు ఇప్పుడు అరవై రోజుల ముందే తెరుస్తున్నారు, ఆ రోజు పొద్దున్నే కూర్చుని తీసుకో. డబ్బు మిగులుతుందని మామూలు పెట్టెలో నిలబడి వస్తే ఊరుకోను, ఏసీకే తీసుకో, నేను ఇస్తాను. కందిపొడి, నెయ్యి, సున్నుండలు కొరియరులో వేశాను. అయిదుగురూ ఒక్క రోజులో ఊదేయకండి. రాత్రికి అన్నం వండుకో, కుక్కరుకు ఎంత గ్యాసు అవుతుంది?

ఇట్లు,
అమ్మ

తాజా కలం: 2012 జూన్‌లో నీ పేరున నేను తెరిచిన పీపీఎఫ్ (దీర్ఘకాల పొదుపు ఖాతా) 2028 ఏప్రిల్ 1కి ముగుస్తుంది. తీయకు, అయిదేళ్ల చొప్పున పొడిగించుకోవచ్చు. డబ్బు ఎప్పుడు వేసినా నెలలో అయిదో తేదీ లోపు వెయ్యి, ఆరో తేదీన వేస్తే ఆ నెల వడ్డీ దండగ. పాసు పుస్తకం నా బీరువాలోనే ఉంది, పండగకు వచ్చినప్పుడు నీ ఆధార్ నకలు, రెండు ఫొటోలు తెచ్చుకో.