పాత ఇళ్లు, టీవీ ముందు మన మాటలు: 2024-25 వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం.

ఈ ఏడాది మన సంఘం పెట్టిన కార్యక్రమాల్లో ఎక్కువ మంది వచ్చినదీ, ఎక్కువ వాదన జరిగినదీ ఒక్కటే. ప్రతి నెలా రెండో ఆదివారం సాయంత్రం సంఘం గదిలో కూర్చుని, పాత ఇళ్ల మరమ్మతు మీద విదేశాల్లో తీసిన టీవీ కార్యక్రమాలు చూశాం, చూసినదాని గురించి మాట్లాడుకున్నాం. పాలమూరు (మహబూబ్‌నగర్) వాళ్లే కాదు, వనపర్తి, కొల్లాపూర్, నారాయణపేట నుంచి కూడా సభ్యులు బస్సెక్కి వచ్చారు. అందుకే ఈసారి నివేదికలో సగానికి పైగా ఆ మాటలే ఉంటాయి.

ముఖ్యంగా చూసింది అమెరికా వాళ్ల 'దిస్ ఓల్డ్ హౌస్'. బోస్టన్‌లోని పబ్లిక్ టీవీ స్టేషన్ 1979లో దీన్ని మొదలుపెట్టింది. మొదటి ఇల్లు అదే నగరంలో డార్చెస్టర్ అనే పేటలోది. ఒకే ఇంటిని పట్టుకుని వారాల తరబడి పని చూపించడం దాని పద్ధతి. మొదట్లో పదేళ్ల పాటు బాబ్ విలా నడిపించారు. నార్మ్ ఏబ్రమ్ అనే వడ్రంగి మొదటి నుంచి ఉండి 2022లో విరమించుకున్నారు. ఇంగ్లీషు అర్థం కాని చోటల్లా మన సభ్యుల్లోని రిటైర్డ్ లెక్చరర్ సారు వీడియో ఆపి తెలుగులో చెప్పారు. ఆయన ఓపికకు సంఘం తరఫున కృతజ్ఞతలు.

అందరికంటే ముందు నోరు విప్పింది మేస్త్రీలు, వడ్రంగులు. వాళ్లకు నచ్చింది ఇల్లు కాదు, కెమెరా ఎక్కడ నిలిచిందన్నది. "పని చేసెటాయననే మాట్లాడనిస్తున్నరు సార్. ఉలి ఎట్ల పట్టాలె, కట్టె ఎట్ల చూడాలె అని ఆయనే చెప్తున్నడు" అన్నారు ఒక వడ్రంగి పెద్దాయన. మన దగ్గర ఇంటి గురించి వీడియో తీస్తే యజమాని మాట్లాడతాడు, ఇంజనీరు మాట్లాడతాడు, కట్టిన మేస్త్రీ వెనకాల నిలబడి ఉంటాడు. ఈ మాట నన్ను చాలా రోజులు వదల్లేదు. పాలమూరు లేబర్ అని దేశమంతా పిలిచే మన మనుషులు ఎక్కడెక్కడో డ్యాములు, రోడ్లు కట్టారు. వాళ్ల సొంతూళ్లలో తాతలు కట్టిన మిద్దెలు కురుస్తుంటే బాగుచేసే చేయి దొరకడం లేదు. ఆ చేతుల్ని వెతికి పట్టుకోవడమే మన సంఘం మొదటి పని అని నేను గట్టిగా నమ్ముతున్నాను. ఆ రోజు గదిలో ఉన్నవాళ్లలో చాలామంది కూడా అదే అన్నారు.

రెండో నెలలోనే అభ్యంతరాలు మొదలయ్యాయి. "అవన్నీ కట్టె ఇండ్లు. మనయి మట్టియి, రాతియి. వాళ్లను చూసి మనం నేర్చుకునేది ఏముంది?" అని నారాయణపేట సభ్యుడొకరు అడిగారు. ఆ ప్రశ్న సరైనదే. అక్కడ గోడంటే కట్టె చట్రం, దానిమీద పలకలు. ఇక్కడ గోడంటే మూరెడు మందాన రాయి, మట్టి, పైన దూలాలు, వాటికి అడ్డంగా పరిచే దంతెలు, వాటిమీద చవుటి మన్ను కప్పిన మిద్దె. వాళ్ల తిప్పలన్నీ చలికాలంలో ఇంట్లో వెచ్చదనం నిలపడానికి. అందుకే గోడల మధ్య దూది లాంటివి నింపడం గురించి ఎపిసోడ్లకు ఎపిసోడ్లు నడుస్తాయి. మనకు మే నెలలో ఇల్లు చల్లగా ఉండాలి, ఆ పని మన మందపాటి గోడలు ఎప్పటి నుంచో చేస్తూనే ఉన్నాయి. కాబట్టి వాళ్ల సామాను మనకు పనికిరాదు. పనికొచ్చేది వాళ్లు ఇల్లు చూసే వరస. రంగు, టైల్స్ మాట ఎత్తకముందే వాళ్లు నీళ్ల సంగతి చూస్తారు. కప్పు మీద పడ్డ వాన ఎటు పోతోంది, పునాది పక్కన నిలుస్తోందా, కిటికీ కింద కట్టె మెత్తబడిందా అని. మన ఇళ్లలోనూ రోగం మొదలయ్యేది అక్కడే. తూము మూసుకుపోయి మిద్దె మీద నీళ్లు నిలుస్తాయి, దూలం చివర గోడలో నానుతుంది, వెనకే చెదలు వస్తాయి.

దీని తర్వాత వచ్చిన చర్చ సిమెంటు మీద. ఇది మాత్రం వివరంగా రాయాలి, ఎందుకంటే సభ్యుల ఇళ్లలో ఎక్కువ నష్టం జరిగింది ఇక్కడే. గోడ పెచ్చులు ఊడగానే సిమెంటు పూత వేయించడం మనకు అలవాటైంది. మట్టి గోడ, సున్నం గోడ నేలలోని తేమను పీల్చి మళ్లీ గాలికి వదిలేస్తాయి. సిమెంటు పూత ఆ దారి మూసేస్తుంది. తేమ లోపలే ఉండిపోయి పైకి పాకుతుంది, ఉప్పు పేరుతుంది, రెండు మూడు వానాకాలాలకు పూత గోడమట్టిని కూడా పట్టుకుని పలకలు పలకలుగా ఊడిపడుతుంది. వనపర్తి నుంచి వచ్చే సభ్యురాలు ఒకరు తన ఇంటి గోడ ఫొటోలు తెచ్చి అందరికీ చూపించారు. మోకాలి ఎత్తు దాకా తెల్లగా ఉప్పు, దానిపైన ఉబ్బిన సిమెంటు. టీవీలో చెప్పిన మాట కంటే ఆ ఫొటోలే ఎక్కువ మందిని కదిలించాయి.

దాంతో పాత పద్ధతిలో దంచి చేసే డంగు సున్నం చేసి చూపించమని సభ్యులే అడిగారు. చలికాలంలో ఒక సభ్యుడి ఇంటి పెరట్లో గుంత తవ్వించి సున్నం నానబెట్టాం. కాల్చిన సున్నపురాయి మీద నీళ్లు పడగానే కుతకుత ఉడుకుతుంది, పిల్లల్ని దూరంగా ఉంచాల్సి వచ్చింది. నానిన సున్నాన్ని వారాల తరబడి తడి ఆరకుండా ఉంచి, ఇసుక కలిపి, రోట్లో దంచి, కరక్కాయ, బెల్లం నానబెట్టిన నీళ్లు పోశారు. ఎద్దులతో తిప్పే పాత గానుగ రాయి ఒకటి ఊరి బయట పడి ఉందని తెలిసినా, దాన్ని కదిలించడం ఈసారి కుదరలేదు. నేర్పింది డెబ్బై దాటిన మేస్త్రీ. కొడుకు సిమెంటు పనికి పోతాడు, తండ్రి పని తెలియదు. కొడుకు కూడా ఆ రోజు వచ్చి పక్కన కూర్చుని దంచాడు. సిమెంటు గంటల్లో గట్టిపడుతుంది. సున్నం గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చుకుంటూ నెలల తరబడి గట్టిపడుతుంది, అందుకే పలుచటి పొరలుగా వేసి తడుపుతూ ఉండాలి. ఈ ఓపికే ఖర్చు. మేస్త్రీకి ఆయన అడిగిన కూలి పూర్తిగా ఇచ్చాం. నేర్పించడం కూడా పనే కాబట్టి ఇకముందు కూడా అలాగే ఇవ్వాలని కార్యవర్గం తీర్మానించింది.

ఆడవాళ్ల అభిప్రాయాలను ప్రత్యేకంగా రాస్తున్నాను. పాత ఇల్లు అందంగా ఉంటుందనే మాట మగవాళ్ల నోటి నుంచే ఎక్కువ వచ్చింది. ఒక పెద్దమ్మ సూటిగా అడిగారు: "అందం సరే బిడ్డా, రాత్రి వాన పడుతుంటే బాత్రూముకు వాకిలి దాటి పోవాలె. మోకాళ్ల నొప్పులున్న దాన్ని నేనెట్ల పోదును?" టీవీలో ప్రతి ఇంటికీ కొత్త వంటగది, కొత్త స్నానాల గది పెట్టడం చూసి కొందరు మగవాళ్లు 'ఇది పాత ఇల్లు ఎట్లా అవుతుంది' అని విసుక్కున్నారు. 'అందుకే ఆ ఇళ్లలో ఇంకా మనుషులు ఉంటున్నారు' అని ఆడవాళ్లు అన్నారు. నేను వాళ్ల పక్షం. ఇంట్లో బతికే మనిషికి తెరిపి లేకపోతే ఆ ఇల్లు తాళం పడి కూలుతుంది. వనపర్తి రాజాగారి భవనం 1959 నుంచి పాలిటెక్నిక్‌గా ఉంది. పిల్లలు తిరుగుతున్న భవనానికి ఎవరో ఒకరు కప్పు చూస్తారు, తాళం వేసిన భవనానికి ఎవరూ చూడరు.

మే నెల సమావేశంలో గది నిండిపోయింది. ఆ రోజు చూసింది అదే కార్యక్రమం రెండో ఇంటి కథ. మసాచుసెట్స్‌లోని న్యూటన్‌లో హెచ్. హెచ్. రిచర్డ్‌సన్ అనే పేరున్న ఆర్కిటెక్ట్ 1880ల్లో గీసిన పెద్ద ఇల్లు అది. దాన్ని పడగొట్టకుండా లోపల విడివిడి ఫ్లాట్లుగా మార్చారు. మన దగ్గర పాత ఇళ్లు పోయేది వానకు, చెదలకే కాదు, పంపకాలకు. ఐదుగురు అన్నదమ్ములు, ముగ్గురు హైదరాబాద్‌లో, ఒకరు అమెరికాలో, ఇంట్లో ఉన్నవాడికి మరమ్మతు చేయించే హక్కు లేదు, చేయిస్తే డబ్బు ఎవరివ్వాలో తెలియదు. చివరికి స్థలం అమ్మి పంచుకుంటారు. ఆ ఎపిసోడ్ చూశాక ఇద్దరు సభ్యులు తమ ఇంట్లో భాగాలు గోడతో కాకుండా కాగితం మీద పంచుకుని, కప్పు, వాకిలి, బావి ఉమ్మడిగా ఉంచే ఒప్పందం రాసుకోవచ్చా అని అడిగారు. దీనిమీద న్యాయవాదితో ఒక సమావేశం పెట్టాం. రిజిస్ట్రేషన్ లేని కాగితాన్ని నమ్ముకోవద్దని ఆయన గట్టిగా చెప్పారు. నాకు తెలిసి ఈ ఏడాది సంఘం చేసిన పనుల్లో అత్యంత ఉపయోగపడేది ఇదే కావచ్చు.

డబ్బు గురించి చేదు మాటలు కూడా వచ్చాయి. తర్వాతి సీజన్లలో ఇళ్లు పెద్దవవుతాయి, సామాను ఖరీదైనది అవుతుంది. "ఇది మా కోసం తీసింది కాదు" అని ఒక చేనేత సభ్యుడు లేచి వెళ్లబోయారు. ఆయన్ను కూర్చోబెట్టి బ్రిటన్ వాళ్ల 'రిస్టొరేషన్' గురించి చెప్పుకున్నాం. 2003లో బీబీసీలో వచ్చిన ఆ కార్యక్రమంలో కూలిపోయే స్థితిలో ఉన్న 30 కట్టడాలను చూపించి, ఏది బాగుచేయాలో ప్రేక్షకులనే ఫోన్లో ఓటు వేయమన్నారు. మాంచెస్టర్‌లో 1906లో కట్టిన విక్టోరియా బాత్స్ అనే ఊరుమ్మడి ఈతకొలను గెలిచి, 30 లక్షల పౌండ్లకు పైగా పొందింది. కుర్రవాళ్లకు ఇది బాగా నచ్చింది, మన దగ్గర కూడా ఓటు పెడదామన్నారు. పెద్దవాళ్లు ఒప్పుకోలేదు. ఓటు పెడితే బంధువులు ఎక్కువున్న ఇల్లు గెలుస్తుంది, చిన్న పల్లెలోని ఇల్లు ఎన్నటికీ గెలవదు అన్నారు. ఆ వాదన తేలలేదు. మొత్తానికి సంఘం ఇచ్చే చిన్న సాయం ఓటుతో కాకుండా, కప్పు కురుస్తూ లోపల మనుషులు ఉంటున్న ఇంటికి ముందు ఇవ్వాలని సర్వసభ్య సమావేశం నిర్ణయించింది.

కొల్లాపూర్ వైపు నుంచి వచ్చిన ఒక పెద్దాయన వాళ్ల ఊరు శ్రీశైలం ముంపులో పోయినప్పుడు దర్వాజలు, దూలాలు బండి మీద వేసుకుని కొత్త ఊరికి తెచ్చుకున్నామని చెప్పారు. ఇప్పుడు అవే దర్వాజలను పాతసామాను వ్యాపారులు ఇంటింటికీ తిరిగి కొంటున్నారు. రిసార్టుల్లో పెట్టడానికి తీసుకుపోతున్నారు. అమ్మేవాళ్లను తప్పు పట్టలేం. కానీ అమ్మే ముందు ఒక్కసారి సంఘానికి చెప్పండి, మన సభ్యుల్లో కొనేవాళ్లు ఉన్నారు.

పాత తలుపుల విషయంలో ఇంకొక జాగ్రత్త. అమెరికా ఎపిసోడ్లలో పాత రంగు గీకేటప్పుడు ముక్కుకు మాస్క్, నేలమీద ప్లాస్టిక్ పరవడం చూసి చాలామంది ఇంత అవసరమా అన్నారు. అవసరమే. పాత ఆయిల్ పెయింట్లలో సీసం ఉండేది. అమెరికాలో 1978లో ఇళ్ల రంగుల్లో దాన్ని నిషేధించారు. మన దేశంలో పది లక్షల పాళ్లలో 90 పాళ్లకు మించరాదన్న నిబంధన 2017 నవంబర్ నుంచే అమల్లోకి వచ్చింది. పొడిగా గీకితే ఆ దుమ్ము పసిపిల్లల ఒంట్లోకి పోతుంది. నీళ్లు చల్లి తడిపి గీకండి, గీకిన పొట్టును పొయ్యిలో వేయకండి.

మిగతా పనులు. పాత ఇళ్ల ఫొటోలు, కొలతలు రాసి ఉంచే పుస్తకం మొదలైంది, పాలమూరు వరకు చాలా వీధులు పూర్తయ్యాయి. సున్నం, కట్టె, రాయి పని తెలిసిన వారి పేర్ల పట్టిక సంఘం గదిలో ఉంది. వాళ్లను అడిగి, వాళ్లు ఇచ్చాకే ఫోన్ నంబర్లు రాసుకున్నాం, కాబట్టి బయటివారికి ఇవ్వకండి. జమాఖర్చుల కాగితం ఆడిటర్ సంతకంతో విడిగా పంపుతున్నాం. చందా బాకీ ఉన్నవాళ్లు వచ్చే సర్వసభ్య సమావేశం లోపు కట్టగలరు.

వచ్చే ఏడాది టీవీ చూడటం ఆపం, కానీ సగం ఆదివారాలు మన వీడియోలకే ఇస్తాం. ఆ డెబ్బై దాటిన మేస్త్రీ సున్నం దంచడం నుంచి ఆఖరి పూత నునుపు చేయడం దాకా, ఆయన మాటల్లోనే, ఆయన కొడుకు ఫోన్‌లో తీస్తానన్నాడు. మొదటి వీడియో వానలు మొదలవకముందే చూపిస్తాం. గానుగ రాయిని తరలించడానికి ట్రాక్టర్ ఇవ్వగలిగిన సభ్యులు కార్యదర్శికి చెప్పండి.

ఇట్లు,
కార్యదర్శి